ఐదు శాతంతో మొదలు

బరువు తగ్గాలని డాక్టరు గారు చెప్పినప్పుడు పెద్ద సంఖ్య ఏదో వినడానికి సిద్ధపడి ఉన్నాను. ఆవిడ చెప్పింది ఐదు శాతం, అదీ ఆరు నెలల్లో. అప్పటికి నా బరువు 92 కిలోలు. లెక్క వేస్తే తగ్గాల్సింది నాలుగున్నర కిలోల పైచిలుకు. "అంతేనా అండీ?" అన్నాను. "ముందు అంత తగ్గి, అక్కడ నిలబడి చూపించండి. మిగతా సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. కత్తి నూరుకుని యుద్ధానికి బయల్దేరినవాణ్ణి కూరగాయలు తరగమన్నట్టు అనిపించింది.

ఆ అంకెకు కారణం తర్వాత ఆవిడే వివరించారు. శరీర బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి రక్తపోటు, రక్తంలో చక్కెర, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) మెరుగుపడతాయట. నా రక్తపోటు అప్పటికే హద్దు మీద ఉంది కాబట్టి నాకు కావలసింది అదే. వారానికి అర కిలో నుంచి కిలో దాకా తగ్గడం సాధారణంగా సూచించే వేగం. అంతకంటే బాగా వేగంగా తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా ఎక్కువ పోతుంది, పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. థైరాయిడ్, చక్కెర పరీక్షలు రాశారు. వాడుతున్న మందులేమిటని గుచ్చి గుచ్చి అడిగారు. కొన్ని మందులు బరువు పెంచుతాయి. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారైతే తిండి తగ్గించే ముందే మోతాదు సంగతి తేల్చుకోవాలి, లేకపోతే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. నాకు ఆ చిక్కులు లేవు.

మొదట కొన్నాళ్లు ఏమీ మార్చవద్దన్నారు. తిన్నదల్లా ఒక నోటుపుస్తకంలో రాస్తే చాలు. ఏమిటి, ఎప్పుడు అని రెండు గడులు గీసుకున్నాను. మూడో గడి నా సొంత తెలివి: "ఆకలేసి తిన్నానా?" నిజానికి అన్నిటికన్నా పనికొచ్చింది అదే. పూటపూటా కూర్చుని తినే భోజనం గురించి నేను అనవసరంగా బెంగపడుతున్నానని దాంతో తెలిసింది. మధ్యాహ్నం నుంచి నిద్రపోయేదాకా నిలబడి, నడుస్తూ, ఫోను చూస్తూ తిన్నవాటి ఎదుట ఆ గడిలో వరుసగా "లేదు, లేదు" అని ఉంది. వాటిలో ఎక్కువ భాగం పొట్లాలలో వచ్చే తయారుతిండి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగం గురించి అప్పుడే చదివాను. అందులో 20 మందికి రెండు వారాలు కర్మాగారాల్లో బాగా మార్పులు చేసి తయారైన ఆహారం, రెండు వారాలు అలా తయారుకాని ఆహారం పెట్టి, కావలసినంత తినమన్నారు. మొదటి రకం పెట్టినప్పుడు వారు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. పళ్ళెంలో పెట్టిన పోషకాలు రెండు రకాల్లోనూ దాదాపు సమానమే. అది చదివాక నన్ను నేను తిట్టుకోవడం మానేసి, పొట్లాలను కళ్లకు కనబడని పై అరలోకి ఎక్కించాను. తినాలనిపిస్తే స్టూలు వేసుకుని దించుకోవాలి. చాలాసార్లు బద్ధకమే గెలిచింది. బద్ధకం నా పక్షాన పనిచేయడం నా జీవితంలో అరుదైన సంఘటన.

మార్పులను ఒకటి తర్వాత ఒకటిగా మాత్రమే తీసుకున్నాను. ప్రతిదానికీ ఒకటే పరీక్ష: ఒళ్లు హూనమై ఇంటికి చేరిన రోజు కూడా ఇది చేయగలనా? చేయలేననిపిస్తే ఆ మార్పును ఇంకా చిన్నది చేయాలి. టీలో చక్కెరను ఒక్కసారిగా మానేయడం ఈ పరీక్షలో తప్పింది. అర చెంచా తగ్గించడం నెగ్గింది. నాలుక ఆ తీపికి అలవాటు పడ్డాక మరో అర చెంచా తగ్గించాను. చెంచా చక్కెర అంటే సుమారు నాలుగు గ్రాములు, 16 కేలరీలు. వినడానికి ఏమంత లెక్క కాదు. కానీ రోజంతా తాగే కప్పులన్నీ కలిపితే నాకే సిగ్గేసింది. విడిగా కలిపే చక్కెరతో పాటు తేనె, పళ్లరసాల తీపి కూడా కలుపుకుని మొత్తం శక్తిలో పది శాతం మించరాదని, ఐదు శాతం లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఆ ఐదు శాతమంటే రోజుకు దాదాపు 25 గ్రాములు. ఆరు చెంచాలు.

పళ్ళెం విషయంలో తగ్గించడం కంటే చేర్చడం తేలికైంది. ముందు కూరగాయలతో సగం పళ్ళెం నింపడం, తర్వాత మాంసకృత్తులున్నదేదైనా వేసుకోవడం, మిగిలిన చోటే పిండి పదార్థాలకు. పీచు, మాంసకృత్తులు కడుపులో ఎక్కువసేపు నిలుస్తాయి కనుక సాయంత్రపు వెతుకులాట దానంతటదే సగమైంది. ఇది వద్దు, అది మానేయాలి అన్న జాబితా మాత్రం నేను రాసుకోలేదు. నిషేధించిన పదార్థమే రాత్రి పదకొండింటికి గుర్తొస్తుంది.

నడక గురించి ఒక మాట. అరగంట మామూలు వేగంతో నడిస్తే నా బరువు మనిషికి ఖర్చయ్యేది 150 కేలరీలు అటూ ఇటూ. అన్ని కేలరీలు తినడానికి రెండు నిమిషాలు చాలు. అందుకే నడిచి బరువు తగ్గుతామనే ఆశ పెట్టుకోలేదు. నడక వల్ల నిద్ర బాగుపడింది, మనసు తేలికపడింది, రక్తపోటుకు మేలు. పైగా తగ్గిన బరువు తిరిగి రాకుండా కాపు కాసేది శారీరక శ్రమేనని వైద్యులంటారు. భోజనం తర్వాత పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి 150 నిమిషాల దాకా తీసుకెళ్లాను. పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీస లెక్క అదే. దానితో పాటు వారంలో రెండు రోజులు కండరాలకు పని చెప్పమంటుంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడను నెట్టడం, ఇంతే నా వ్యాయామశాల.

అసలు ఇబ్బంది తూకం యంత్రంతో వచ్చింది. తొలి వారాల్లో ముల్లు చకచకా దిగింది. సంబరపడబోతే డాక్టరు గారు ఆపారు. కాలేయం, కండరాలు గ్లైకోజెన్ రూపంలో పిండిపదార్థాన్ని దాచుకుంటాయి. ఒక్కో గ్రాముతో పాటు మూడు గ్రాముల దాకా నీరు కూడా ఉంటుంది. తిండి తగ్గగానే ముందు ఖాళీ అయ్యేది ఆ నిల్వే. అంటే నేను పోగొట్టుకున్నదానిలో ఎక్కువ భాగం నీళ్లు! ఉప్పు ఎక్కువైన మర్నాడు కిలో పెరగడం కూడా అదే నీటి మాయ. అందుకని రోజూ పొద్దున ఒకే సమయానికి తూచుకుని, వారం సగటునే చూడడం మొదలుపెట్టాను. ఏ ఒక్క రోజు అంకెకూ నాతో మాట్లాడే అర్హత లేదని తీర్మానించుకున్నాను.

తర్వాత ఆ సగటు కూడా కదలడం మానేసింది. అన్నీ సరిగ్గా చేస్తూ ఉంటే! శరీరం తేలికవుతున్నకొద్దీ దాన్ని నడపడానికి కావలసిన శక్తి తగ్గుతుంది, ఆకలిని అణిచే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, ఆకలి పెంచే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. తిండి దొరకని కాలం వచ్చిందని శరీరం పొదుపు మొదలుపెడుతుందన్నమాట. ఆ పొదుపు ఎంత దూరం వెళ్లగలదో చూపించిన ప్రయోగం 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జరిగింది. యాన్సెల్ కీస్ నేతృత్వంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా ఆరు నెలలు అర్ధాకలితో గడిపారు. బరువులో దాదాపు నాలుగో వంతు కోల్పోయారు. వారికి రాత్రీ పగలూ తిండి ధ్యాసే. కొందరు వంట పుస్తకాలు పోగుచేసుకున్నారు. పస్తులుండలేనివాళ్లకు మనోబలం లేదని తేలిగ్గా అనేవాళ్లకు ఈ కథ చెబుతుంటాను. నేను మాత్రం తిండిని అంతకంటే తగ్గించలేదు. ముల్లు కదలకపోయినా నడుము కొలత తగ్గుతోందని టేపు చెబుతోంది కాబట్టి, చేస్తున్నదే చేస్తూ ఊరుకున్నాను. కొన్ని వారాల తర్వాత సగటు మళ్లీ దిగింది.

జ్వరమొచ్చి, ఆ తర్వాత పనుల ఒత్తిడిలో నడక పూర్తిగా ఆగిపోయిన రోజులూ ఉన్నాయి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం కొత్త అలవాటు కుదురుకోవడానికి ఎంత కాలం పడుతుందో గమనించింది. సగటున 66 రోజులు పట్టింది, కానీ మనిషిని బట్టి, అలవాటును బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టమేమీ కనబడలేదు. నేను 254 వైపు మనిషినని ఒప్పేసుకుంటే ప్రాణం హాయిగా ఉంటుంది.

గడువు నాటికి ఐదు శాతం కాస్త దాటాను. కొత్త లక్ష్యం అడిగితే డాక్టరు గారు ఇవ్వలేదు. మూడు నెలలు ఇంకేమీ తగ్గకుండా, పెరగకుండా ఉండి రమ్మన్నారు. పొగిడేవాళ్లు లేరు, ముల్లు దిగదు, మార్పు కనబడదు. తగ్గడం కంటే ఇదే విసుగ్గా ఉంది. కానీ ఆ మూడు నెలల్లోనే నడక "చేయాల్సిన పని" జాబితాలోంచి జారిపోయింది. రక్తపోటు హద్దుకు దిగువన స్థిరపడింది. ఇప్పుడు మరో మూడు శాతం రాసిచ్చారు. ఈసారి మొదటి మార్పు తిండిలో లేదు. నిద్ర చాలకపోతే మర్నాడు ఆకలి పెరుగుతుందని నోటుపుస్తకం ఎప్పటినుంచో చెబుతోంది, అందుకని రోజూ పావుగంట ముందుగానే పడుకోవడం మొదలుపెట్టాను. అది కుదిరితే మరో పావుగంట.