1991ని రెండు పేజీల్లోకి ఎక్కించడం: గ్రూప్స్, సివిల్స్ రాసేవాళ్ళకి

నెల్సన్ మండేలా 1991లో జైలు నుంచి విడుదలయ్యారు. యూరోపియన్ యూనియన్‌కి పునాది వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందంపై 1991లో సంతకాలయ్యాయి. భారత్, ఇజ్రాయెల్ 1991లో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్నాయి. చదవగానే మూడూ కరెక్టే అనిపిస్తాయి, మూడూ తప్పే. మండేలా బయటికొచ్చింది 1990 ఫిబ్రవరి 11న. మాస్ట్రిక్ట్ సంతకాలు 1992 ఫిబ్రవరి 7న. ఇజ్రాయెల్‌తో సంబంధాలు 1992 జనవరి 29న.

అసలు విషయం తెలియక ఈ బిట్లు పోగొట్టుకునేవాళ్ళు తక్కువ. ఎక్కువమంది పక్క ఏడాదిలోకి జారి పోగొట్టుకుంటారు. 1991లో ఆ జారుడు మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ ఏడాది తేలిన సంగతులు చాలావరకు 1990లో మొదలయ్యాయి, 1991లో ఒప్పుకున్నవి 1992 తర్వాత అమల్లోకి వచ్చాయి. బజార్లో దొరికే బిట్ బ్యాంకులు ఒక్కో ఘటనకి ఒక్కో తేదీ ఇచ్చి వదిలేస్తాయి. అది చాలదు.

అందుకే నోట్స్‌లో ప్రతి ఎంట్రీకి మూడు గళ్ళు గీయండి: ఒప్పుకున్నది, సంతకం పెట్టింది, అమల్లోకి వచ్చింది. మాస్ట్రిక్ట్‌కి రాస్తే 1991 డిసెంబర్ 9, 10న యూరప్ నేతల అంగీకారం, 1992 ఫిబ్రవరి 7న సంతకం, 1993 నవంబర్ 1న అమలు. అమెరికా, సోవియట్‌ల అణ్వాయుధాల తగ్గింపు ఒప్పందం స్టార్ట్-1కి 1991 జూలై 31న మాస్కోలో సంతకం, 1994 డిసెంబర్ 5న అమలు. సంతకం పెట్టిన దేశమే అమలు నాటికి లేదు! అంటార్కిటికా పర్యావరణ ప్రోటోకాల్‌కి 1991 అక్టోబర్ 4న సంతకం, 1998లో అమలు. ఆ సంతకాలు జరిగిన ఊరు మాడ్రిడ్. అదే నెల 30న అరబ్-ఇజ్రాయెల్ శాంతి సదస్సు మొదలైందీ మాడ్రిడ్‌లోనే. 'మాడ్రిడ్ ప్రోటోకాల్', 'మాడ్రిడ్ సదస్సు' రెండూ ఒకే ప్రశ్నలో కనిపిస్తే కంగారు పడకుండా ఉండాలంటే రెంటినీ పక్కపక్కనే రాసుకోండి.

సైజు విషయం. ఏ4 కాగితాలు రెండు, ఎంట్రీలు 40 దాటొద్దు. మొదటి పేజీలో పన్నెండు నెలలకి పన్నెండు గళ్ళు, ఒక్కో గడిలో మూడు నాలుగు ఎంట్రీలు. రెండో పేజీలో తేదీలు వద్దు, కారణాల గొలుసులు మాత్రమే. 40 దాటితే రివిజన్ పదిహేను నిమిషాల్లో అవ్వదు. అవ్వనిది మీరు చెయ్యరు, అంతే.

రెండో పేజీలో పైన ఉండాల్సిన గొలుసు గల్ఫ్ యుద్ధం నుంచి మన బంగారం దాకా వెళ్తుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ని ఆక్రమించింది. అదే ఏడాది నవంబర్ 29న భద్రతా మండలి 678వ తీర్మానం చేసి, 1991 జనవరి 15లోగా ఖాళీ చేయాలంది. ఇరాక్ కదల్లేదు. అమెరికా కూటమి వైమానిక దాడులు మొదలైన తేదీ కొన్ని పుస్తకాల్లో జనవరి 16, కొన్నింట్లో 17 అని ఉంటుంది. రెండూ ఒకటే ఘడియ: బాగ్దాద్‌లో 17 తెల్లవారక ముందు, వాషింగ్టన్‌లో 16 సాయంత్రం. ఆప్షన్లలో రెండూ ఇవ్వడం అరుదు. ఇస్తే 17 పెట్టండి. భూతల యుద్ధం ఫిబ్రవరి 24న మొదలై 28కి ఆగింది, దాన్నే వంద గంటల యుద్ధం అంటారు. కాల్పుల విరమణ షరతుల తీర్మానం 687, ఏప్రిల్ 3.

ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. భారత్ 1991, 92లకే భద్రతా మండలి సభ్యదేశం. కాబట్టి 678 మీద భారత్ ఓటు అనే మాటే ఉండదు. 687కి అనుకూలంగా ఓటేసింది, కుర్దుల మీద అణచివేతకు సంబంధించిన 688కి మాత్రం దూరంగా ఉండిపోయింది. రెండోది, కువైట్ నుంచి లక్షకు పైగా భారతీయుల్ని అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చింది 1990 ఆగస్టు - అక్టోబర్ మధ్య, యుద్ధం మొదలవకముందే. కడప, గోదావరి జిల్లాల్లో కువైట్ పోయొచ్చినవాళ్ళున్న ఇళ్ళల్లో 'యుద్ధంలో తెచ్చారు' అంటారు. మాటల్లో సరే, ఆప్షన్లో కాదు.

ఇప్పుడు మన దేశం వైపు రండి. 1990 జూలైలో బ్యారెల్ 17 డాలర్ల దగ్గరున్న ముడిచమురు అక్టోబర్‌కి 36 దాకా పోయింది. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు పడిపోయింది, ఇరాక్, కువైట్‌లకి ఎగుమతులు ఆగాయి, ఎన్ఆర్ఐ డిపాజిట్లు వెనక్కి వెళ్ళడం మొదలైంది, ఢిల్లీలో ప్రభుత్వం ఊగిసలాడుతోంది. 1991 జూన్ నాటికి చేతిలో ఉన్న విదేశీ మారకం రెండు వారాల దిగుమతులకు అటూఇటూ. మెయిన్స్‌లో చాలామంది 'గల్ఫ్ యుద్ధం వల్ల సంక్షోభం' అని ఒక్క వాక్యంతో ముగిస్తారు, అక్కడే మార్కులు జారతాయి. 1980లంతా పెరిగిన ద్రవ్యలోటు, స్వల్పకాలిక విదేశీ అప్పులు కట్టెలు, గల్ఫ్ నిప్పురవ్వ. ఈ రెండూ విడివిడిగా రాసినవాడికే వెయిటేజీ.

బంగారం బిట్‌లో దాదాపు అందరూ తప్పుతారు, కాస్త నిదానంగా చూడండి. రెండు విడతలు. మొదటిది మేలో, చంద్రశేఖర్ ప్రభుత్వం ఉండగా: స్మగ్లర్ల నుంచి పట్టుకున్న బంగారంలో 20 టన్నుల్ని స్టేట్ బ్యాంకు ద్వారా స్విట్జర్లాండ్‌లోని యూబీఎస్ బ్యాంకుకి, తిరిగి కొనుక్కునే షరతుతో అమ్మారు. సుమారు 20 కోట్ల డాలర్లొచ్చాయి. రెండోది జూలైలో, పీవీ ప్రభుత్వం వచ్చాక: రిజర్వ్ బ్యాంకు సొంత నిల్వల్లోంచి దాదాపు 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు. 40 కోట్ల 50 లక్షల డాలర్లు. 'పీవీ 67 టన్నులు తాకట్టు పెట్టారు' అన్న స్టేట్‌మెంట్‌లో మొత్తం సరిపోతుంది, ప్రధాని సరిపోడు, మొదటి 20 టన్నులకి 'తాకట్టు' అన్న మాటా సరిపోదు.

రూపాయి విలువ తగ్గింపు కూడా రెండడుగుల్లోనే జరిగింది, జూలై 1న ఒకటి, 3న ఒకటి. ఎంత శాతం అంటే ఒక పుస్తకం 19 అంటుంది, ఇంకోటి 23 అంటుంది, ఏది నమ్మాలో తెలియక గైడు మార్చేస్తారు. మార్చక్కర్లేదు. లెక్క తేలిక కోసం డాలరుకు 21 రూపాయలున్నది 26 అయిందనుకోండి. డాలర్ ధర పెరిగింది 21 మీద 5, అంటే దాదాపు 24 శాతం. రూపాయి విలువ తగ్గింది 26 మీద 5, అంటే దాదాపు 19 శాతం. ఒకే మార్పుకి రెండు భిన్నాలు, హారం మారింది. ప్రశ్నలో 'రూపాయి విలువ తగ్గింది' అంటే చిన్న అంకె వైపు వెళ్ళండి.

జూలై 24న ఒకే రోజు రెండొచ్చాయి: మధ్యాహ్నం కొత్త పారిశ్రామిక విధానం, సాయంత్రం మన్మోహన్ సింగ్ బడ్జెట్. విధానంలో గుర్తుంచుకోవాల్సిన అంకెలు మూడే. 18 పరిశ్రమలకి తప్ప లైసెన్సు అక్కర్లేదు, ప్రభుత్వ రంగానికి రిజర్వు చేసినవి 17 నుంచి 8కి దిగాయి, ప్రాధాన్య పరిశ్రమల్లో 51 శాతం దాకా విదేశీ పెట్టుబడికి ఆటోమేటిక్ అనుమతి. ఈ 18, 8 ఇప్పటివి కావు, తర్వాత ఇంకా తగ్గాయి. 'ప్రస్తుతం' అన్న పదం ప్రశ్నలో ఉందో లేదో చూడకుండా ఓఎంఆర్ మీద పెన్ను పెట్టొద్దు. పీవీ ప్రమాణ స్వీకారం జూన్ 21న, అప్పటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. నవంబర్‌లో నంద్యాల ఉప ఎన్నికలో 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీతో లోక్‌సభకు వెళ్ళారు.

ఇంకో పెద్ద గొలుసు సోవియట్ పతనం. దీనికి ముందు పటం చేతికి రావాలి. 15 రిపబ్లిక్‌లని అక్షరక్రమంలో బట్టీ పట్టకండి, 3+3+3+5+1గా గీయండి: బాల్టిక్ మూడు (ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా), స్లావ్ మూడు (రష్యా, ఉక్రెయిన్, బెలారస్), కాకసస్ మూడు (జార్జియా, ఆర్మేనియా, అజర్‌బైజాన్), మధ్య ఆసియా ఐదు (కజకిస్థాన్, ఉజ్బెకిస్థాన్, తుర్క్‌మెనిస్థాన్, కిర్గిజ్‌స్థాన్, తజికిస్థాన్), ఒంటరిగా మాల్దోవా. మూడుసార్లు చేత్తో గీస్తే పోదు.

గుంపులు తెలిస్తే మిగతావి వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. యూనియన్‌ని నిలపాలా వద్దా అని 1991 మార్చి 17న పెట్టిన రిఫరెండాన్ని ఆరు రిపబ్లిక్‌లు బహిష్కరించాయి: బాల్టిక్ మూడు, ఆర్మేనియా, జార్జియా, మాల్దోవా. డిసెంబర్ 8న బెలారస్ అడవి బెలవేజాలో సోవియట్ యూనియన్ ముగిసిందన్న ఒప్పందంపై సంతకం పెట్టింది స్లావ్ మూడు: రష్యా నేత ఎల్త్సిన్, ఉక్రెయిన్ నేత క్రావ్చుక్, బెలారస్ నేత షుష్కేవిచ్. డిసెంబర్ 21న కజకిస్థాన్‌లోని అల్మా అటాలో కామన్వెల్త్ ఆఫ్ ఇండిపెండెంట్ స్టేట్స్‌కి ఒప్పుకున్నవి 11. మిగిలిన నాలుగు బాల్టిక్ మూడు, జార్జియా. జార్జియా 1993లో చేరింది, బాల్టిక్‌లు ఎన్నడూ చేరలేదు. స్వాతంత్ర్యం ప్రకటించుకోవడంలో మొదటిది లిథువేనియా (1990 మార్చి 11), చివరిది కజకిస్థాన్ (1991 డిసెంబర్ 16).

ఆగస్టు తిరుగుబాటు వారాన్ని రోజువారీగా రాసుకోండి, కాలక్రమం ప్రశ్నలకి ఇదే ఖజానా. 18న క్రిమియాలోని ఫోరోస్‌లో సెలవుల్లో ఉన్న సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్ ఫోన్ లైన్లు కోసేశారు. 19 ఉదయం ఎనిమిదిమంది కమిటీ అధికారం చేపట్టినట్టు ప్రకటించింది, ఆ రోజే ఎల్త్సిన్ ట్యాంకు ఎక్కి మాట్లాడారు, ఆ రోజే ఉపాధ్యక్షుడు యనాయెవ్ విలేఖరుల ముందు వణికే చేతులతో కనిపించాడు. 21కి తిరుగుబాటు కూలింది. 22న గోర్బచేవ్ మాస్కో చేరారు. 24న కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి పదవి వదిలారు, అదే రోజు ఉక్రెయిన్ స్వాతంత్ర్యం ప్రకటించింది. 19నే ఎందుకు? కొత్త యూనియన్ ఒప్పందంపై సంతకాలు 20న జరగాలి, దాన్ని ఆపడానికి. ఈ ఒక్క కారణం రాస్తే మెయిన్స్ పేపర్లో మీ జవాబు పక్కవాడి జవాబు కంటే పైన నిలబడుతుంది. అన్నట్టు, ఎల్త్సిన్ ట్యాంకు ఎక్కింది 'వైట్ హౌస్' ముందు, అది మాస్కోలోని రష్యా పార్లమెంటు భవనం. అనువాదాల్లో శ్వేతసౌధం అని పడి, వాషింగ్టన్ అనుకున్నవాళ్ళున్నారు.

పదవుల దగ్గర ఇంకో మెలిక. గోర్బచేవ్ పార్టీ పదవి వదిలింది ఆగస్టు 24, సోవియట్ అధ్యక్ష పదవికి రాజీనామా డిసెంబర్ 25, పార్లమెంటు ఎగువ సభ సోవియట్ యూనియన్ ఇక లేదని ప్రకటించింది డిసెంబర్ 26. ఇంకొకటి జూన్ 12: 1990లో రష్యా సార్వభౌమత్వ ప్రకటన, 1991లో ఎల్త్సిన్ రష్యా అధ్యక్షుడిగా ఎన్నిక. రోజూ నెలా ఒకటే, ఏడాది వేరు. సోవియట్ వైపు దేశాల సైనిక కూటమి వార్సా ఒప్పందం రద్దు జూలై 1, ప్రాగ్‌లో. వాటి ఆర్థిక కూటమి కామెకాన్ రద్దు దానికి మూడు రోజుల ముందే జూన్ 28న, బుడాపెస్ట్‌లో. రెంటి ఊళ్ళూ తారుమారు చేసి అడుగుతారు.

మిగిలినవాటి మీద ఎక్కువసేపు కూర్చోవద్దు. జూన్ 25న యుగోస్లావియా నుంచి స్లోవేనియా, క్రొయేషియా స్వాతంత్ర్య ప్రకటన. దక్షిణాఫ్రికాలో జూన్‌లో మనుషుల్ని జాతుల వారీగా విడదీసిన జనాభా నమోదు చట్టం రద్దు, నవంబర్ 10న ఈడెన్ గార్డెన్స్‌లో ఆ దేశ క్రికెట్ జట్టు పునరాగమనం. మార్చి 26న అసున్సియోన్ ఒప్పందంతో దక్షిణ అమెరికా వాణిజ్య కూటమి మెర్కోసూర్, అప్పుడు నాలుగు దేశాలే. ఏప్రిల్ 29న బంగ్లాదేశ్ తుపాను, మృతులు సుమారు 1.38 లక్షలు. జూన్ 15న ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలింది, ఆ గంధక వాయువుల వల్ల ప్రపంచ సగటు ఉష్ణోగ్రత తాత్కాలికంగా అర డిగ్రీ దాకా తగ్గింది. ఇది చరిత్రలో కన్నా జాగ్రఫీ పేపర్లో ఎక్కువ పనికొస్తుంది. నోబెల్ శాంతి మయన్మార్ నేత ఆంగ్ సాన్ సూకీకి, సాహిత్యం నాడిన్ గోర్డిమర్‌కి. డిసెంబర్ 16న ఐరాస సర్వసభ్య సభ జియోనిజాన్ని (యూదులకు సొంత దేశం కావాలన్న ఉద్యమాన్ని) జాత్యహంకారంతో సమానం చేసిన 1975 తీర్మానాన్ని రద్దు చేసింది, భారత్ రద్దుకు అనుకూలంగా ఓటేసింది. 1992 జనవరి 29 ఇజ్రాయెల్ నిర్ణయానికి ఇది ముందు మెట్టు కాబట్టి గొలుసు పేజీలో పెట్టండి.

సివిల్స్ మెయిన్స్ రాసేవాళ్ళకి: జీఎస్-1 సిలబస్‌లో 'దేశాల సరిహద్దుల పునర్నిర్మాణం' అన్న మాట ఉంది, సోవియట్, యుగోస్లావియా రెండూ అక్కడికే వస్తాయి. జీఎస్-3లో సరళీకరణ ప్రభావం ఉంది, బంగారం గొలుసు అక్కడికి. 150 పదాల జవాబుకి దొరికేది ఏడు నిమిషాలు, 250 పదాలకి పదకొండు. తేదీలు మూడు చాలు, మిగతా చోటంతా కారణాలకి ఇవ్వండి. 3+3+3+5+1 పటం చేత్తో వేస్తే నలభై సెకన్లు, దాని పక్కన రాసే పదాలు ఆదా.

రివిజన్‌లో తేదీ వైపు చెయ్యి అడ్డం పెట్టి ఘటన చూసి తేదీ చెప్పడం అందరూ చేస్తారు. తిరగేసి చేయండి: సెప్టెంబర్ 17 కనబడితే ఏడు పేర్లు రావాలి. ఆ రోజు ఐరాసలో చేరినవి ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా, ఉత్తర కొరియా, దక్షిణ కొరియా, మార్షల్ దీవులు, మైక్రోనేషియా. సభ్యదేశాల సంఖ్య 159 నుంచి 166. ఎక్కువమంది ఉత్తర కొరియా దగ్గర ఆగిపోతారు, రెండు కొరియాలూ ఒకే రోజు చేరాయంటే నమ్మరు.