అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌కి బడి పిల్లల్ని ఎలా ఎంచుకుంటుంది

మే నెలాఖరు వచ్చిందంటే అమెరికాలో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: "మీ పాపకి అడ్వాన్స్‌డ్ మ్యాథ్ వచ్చిందా అండీ?" వచ్చినవాళ్లు పొంగిపోతారు, రానివాళ్లు పిల్లలో ఏదో లోటుందని కుంగిపోతారు. రెండూ తొందరపాటే. స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు బళ్లను నడిపే సంస్థ) చేతిలో రెండు మూడు స్కోర్లుంటాయి, ఒక కటాఫ్ ఉంటుంది, కొన్నిచోట్ల సీట్ల పరిమితి కూడా ఉంటుంది. ఎంపికంతా వీటి మధ్యే జరుగుతుంది. ఏ స్కోరు చూస్తారు, కటాఫ్ ఎంత, ఏ నెలలో తేలుస్తారు అన్నవి ముందే అడిగి తెలుసుకోవచ్చు. మనవాళ్లలో చాలామంది ఫలితం చేతికొచ్చాకే అడుగుతారు.

దేశమంతటికీ ఒకే పద్ధతి లేదు. పక్కపక్క డిస్ట్రిక్టులకే పొంతన ఉండదు కాబట్టి ఎడిసన్‌లో ఉన్న వదినగారు చెప్పిన లెక్క ఫ్రిస్కోలో పనికిరాకపోవచ్చు. అసలు 'అడ్వాన్స్‌డ్' అంటే మీ బడిలో ఏమిటో ముందు కనుక్కోండి. కొన్నిచోట్ల అదే గ్రేడు సిలబస్‌ని లోతుగా చెబుతారు. కొన్నిచోట్ల మూడేళ్ల పాఠాన్ని రెండేళ్లలోకి కుదిస్తారు. ఇంకొన్నిచోట్ల మూడో గ్రేడు పిల్లను మ్యాథ్ పీరియడ్‌కి మాత్రం నాలుగో గ్రేడు గదికి పంపుతారు. ఈ చివరి రకానికి పై గ్రేడు ఏడాది చివరి పరీక్ష ముందే పెట్టి, 80, 90 శాతం రావాలని అడిగే బళ్లున్నాయి. ముగ్గురు పిల్లలకీ 'అడ్వాన్స్‌డ్' అనే పేరే ఉన్నా ముగ్గురూ మోసే బరువు ఒకటి కాదు.

బడి చూసే పరీక్షలు రెండు జాతులు. ఒకటి పిల్ల ఎంత నేర్చుకుందో చూసేది, రెండోది కొత్త విషయం ఎదురైతే ఎలా ఆలోచిస్తుందో చూసేది.

మొదటి జాతిలో ఎక్కువగా కనిపించేవి మ్యాప్ గ్రోత్, ఐ-రెడీ. మ్యాప్ ఏడాదిలో రెండు మూడుసార్లు, కంప్యూటర్ మీద ఉంటుంది. దాని కొలత పేరు రిట్. 2020 నార్మ్స్ (దేశమంతటి పిల్లల స్కోర్లతో పోల్చే పట్టిక) ప్రకారం మ్యాథ్‌లో దేశవ్యాప్త సగటు రెండో గ్రేడు ఫాల్‌లో 175, మూడో గ్రేడు ఫాల్‌లో 188, నాలుగో గ్రేడు ఫాల్‌లో దాదాపు 200. సరైన జవాబు ఇస్తే తర్వాతి ప్రశ్న కష్టమవుతుంది, తప్పితే తేలికవుతుంది. అందుకని ఎంత చురుకైన పిల్లయినా దాదాపు సగం ప్రశ్నలు తప్పుతుంది. ఈ ఒక్క మాట పిల్లకి ముందు చెప్పకపోతే, "అన్నీ రాని ప్రశ్నలే వచ్చాయి" అని మధ్యలో నీరుగారిపోయి గబగబా ఏదో ఒకటి నొక్కేస్తుంది. గుడ్డిగా నొక్కుతున్నట్టు సిస్టమ్ పసిగట్టి టెస్టు ఆపి టీచరుకి చెబుతుంది కానీ, అప్పటికే స్కోరు కొంత కిందికి జారి ఉంటుంది. ఈ పరీక్షకి టైమ్ లిమిట్ లేదు. కాగితం, పెన్సిల్ వాడనిస్తారు. నోటి లెక్కలో దిట్టలైన మన పిల్లలు ఆ కాగితం ముట్టుకోకుండానే పరీక్ష ముగించేయడం స్కోరు తగ్గడానికి ఒక కారణం కావచ్చు.

ఇంకో ఇబ్బంది రెండో గ్రేడు దగ్గర వస్తుంది. చిన్నపిల్లల వెర్షన్‌లో ప్రశ్నలు హెడ్‌ఫోన్లలో వినిపిస్తాయి. పై వెర్షన్‌లో పిల్లే చదువుకోవాలి. మారిన సీజన్‌లో స్కోరు పడిపోతే అది లెక్కల లోపమా, చదవడంలో తడబాటా అన్నది టీచర్ని అడగండి. ఏ వెర్షన్ రాసిందో రిపోర్టు చూసి వాళ్లు చెప్పగలరు.

రెండో జాతిలో ముఖ్యమైనది కాగాట్. ఇందులో మూడు బ్యాటరీలు, అంటే విభాగాలు: వెర్బల్, క్వాంటిటేటివ్, నాన్‌వెర్బల్. ఒక్కోదాంట్లో మూడు భాగాలు. క్వాంటిటేటివ్ అంటే కూడికలు, గుణకారాలు అనుకుంటారు, కాదు. 2, 5, 4, 7, 6 తర్వాత ఏమొస్తుంది? మూడు కలిపి, ఒకటి తీసి, మళ్లీ మూడు కలిపి వెళ్తోందని పట్టుకుంటే 9. ఎక్కాలు 20 దాకా అప్పజెప్పే పిల్ల కూడా ఇక్కడ ఆగిపోవచ్చు. నాన్‌వెర్బల్‌లో మడిచిన కాగితానికి చిల్లు పొడిస్తే, విప్పాక చిల్లులు ఎక్కడ పడతాయో చెప్పాలి. మూడో గ్రేడు నుంచి ఒక్కో భాగానికి సుమారు పది నిమిషాలే. అంతకంటే చిన్నవాళ్లకి టైమ్ లిమిట్ లేకుండా బొమ్మలతో ఉంటుంది.

కాగాట్ రిపోర్టులో సగటు 100, గరిష్ఠం 160. అంకె 126 దగ్గరుంటే సుమారు 95వ పర్సంటైల్, అంటే నూరుమందిలో 95 మంది కంటే పైన; 132 దాటితే 98. ఏజ్ పర్సంటైల్, గ్రేడ్ పర్సంటైల్ అని రెండుంటాయి. మొదటిది అదే వయసు పిల్లలతో పోల్చేది, రెండోది అదే గ్రేడు వాళ్లతో. క్లాసులో అందరికంటే చిన్నదైన ఆగస్టు పిల్లకి ఏజ్ పర్సంటైల్ మెరుగ్గా ఉంటుంది. డిస్ట్రిక్ట్ ఏది వాడుతుందో అడిగి తీరాలి. అలాగే మూడు బ్యాటరీలు కలిపిన మొత్తం చూస్తారా, క్వాంటిటేటివ్, నాన్‌వెర్బల్ రెండే కలిపిన స్కోరు చూస్తారా అన్నది కూడా. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లకి వెర్బల్ కొంచెం తగ్గి మొత్తాన్ని కిందికి లాగుతుంది. లెక్కల క్లాసుకి ఆ స్కోరుతో గేటు వేయడం సబబు కాదని నా గట్టి అభిప్రాయం. ఈ విషయం మర్యాదగా, రాతపూర్వకంగా అడగొచ్చు.

ఏ పరీక్ష స్కోరయినా కొన్ని పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంది. కటాఫ్ 95 ఉన్నచోట 94 వచ్చిన పిల్లకీ 96 వచ్చిన పిల్లకీ నిజంగా తేడా లేకపోవచ్చు. మంచి డిస్ట్రిక్టులు అందుకే గీత దగ్గర ఆగిన పిల్లల్ని ఇంకో ఆధారంతో మళ్లీ చూస్తాయి. మనవాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లలో మరో చిక్కు. దేశంలో 95వ పర్సంటైల్ ఉన్న పిల్లలు ఒక్క బడిలోనే రెండు క్లాసులకి సరిపడా ఉంటారు. అప్పుడు బడి తన పిల్లల మధ్యే పోల్చే లోకల్ నార్మ్స్ వాడితే, పోయినేడు పక్కింటి బాబుకి సరిపోయిన స్కోరు ఈ ఏడు సరిపోదు.

టీచరు నింపే రేటింగ్ ఫారం గురించి తక్కువమందికి తెలుసు. ఎదురు ప్రశ్నలు వేస్తుందా, రాకపోయినా పట్టు వదలకుండా కూర్చుంటుందా, తన పద్ధతిని వివరిస్తుందా, ఇలాంటివి అందులో ఉంటాయి. పెద్దవాళ్ల ముందు అడిగితేనే మాట్లాడాలని మనం పెంచిన పిల్ల అక్కడ మధ్యస్థంగా పడిపోతుంది. నవంబరులో తల్లిదండ్రులతో జరిగే కాన్ఫరెన్స్‌లో టీచరుకి ఇది సూటిగా చెప్పండి: ఇంట్లో ఏం చేస్తుందో, ఏ పజిల్ మీద ఎంతసేపు కూర్చుంటుందో. మే నెలలో చెబితే ఫారం నింపడం ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

టీచరు సిఫారసు లేనిదే గేటు తెరుచుకోని పద్ధతిలో ఏ పిల్లలు మిగిలిపోతారో ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీలో బయటపడింది. రెండో గ్రేడు పిల్లలందరికీ ఒకేసారి స్క్రీనింగ్ టెస్టు పెట్టేసరికి, అంతకుముందు ఎవరి కంటా పడని పేద, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు చాలామంది గిఫ్టెడ్ (ప్రతిభ ఉన్న పిల్లల ప్రత్యేక) క్లాసులకి అర్హులయ్యారు. డేవిడ్ కార్డ్, లారా జూలియానో 2016లో దీన్ని ప్రచురించారు. మీ డిస్ట్రిక్టులో అందరికీ పరీక్ష ఉందా, సిఫారసు వచ్చినవాళ్లకేనా? సిఫారసు పద్ధతైతే తల్లిదండ్రులు కూడా పేరు ఇవ్వొచ్చేమో చూడండి. ఇల్లినాయిలో యాక్సిలరేటెడ్ ప్లేస్‌మెంట్ చట్టం 2018 జులై నుంచి ఆ అవకాశం ఇస్తోంది. నార్త్ కరొలైనాలో 2018 చట్టం మరీ స్పష్టం: ఎండ్ ఆఫ్ గ్రేడ్ మ్యాథ్ పరీక్షలో అత్యున్నత స్థాయి అందుకున్న పిల్లకి మూడో గ్రేడు నుంచే వీలైనచోట అడ్వాన్స్‌డ్ అవకాశం ఇవ్వాలి, తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం లేకుండా తీసేయకూడదు. టెక్సస్‌లో 2023 చట్టం ప్రకారం ఐదో గ్రేడు స్టార్ (ఆ రాష్ట్ర పరీక్ష) మ్యాథ్‌లో పై 40 శాతంలో ఉన్నవాళ్లని ఆరో గ్రేడు అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో బడే చేర్చాలి. వద్దంటే తల్లిదండ్రులు చెప్పుకోవచ్చు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఏడాది మధ్యలో వచ్చిన పిల్లల సంగతి వేరు. ప్రోగ్రెస్ కార్డులో 98 ఉన్నా ఇక్కడ దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవచ్చు. చేరేరోజే ప్లేస్‌మెంట్ టెస్టు అడగండి, వెంట పాఠ్యపుస్తకం విషయసూచిక పట్టుకెళ్లండి. పరీక్షకి ముందు రెండు వారాలు ఇంచీలు, అడుగులు, పౌండ్లు, ఔన్సులు చూపించండి. మూడు క్వార్టర్లు, రెండు డైములు కలిపితే 95 సెంట్లని తెలియాలంటే నాణేలు చేతికివ్వాలి. 1,00,000 అని కామా పెట్టే అలవాటు 100,000కి మారాలి. చేరిక ఫారంలో ఇంటి భాష తెలుగు అని రాస్తే ఇంగ్లీష్ పరీక్ష పెడతారు. భయపడి అబద్ధం రాయకండి. ఇంగ్లీష్ నేర్చుకుంటోందన్న ఒక్క కారణంతో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌కి అడ్డుపడడం తగదు.

ఇంట్లో మనం నేర్పే తీరు కూడా ఒక్కోసారి మార్కులు పోగొడుతుంది. 24×36 ఇచ్చి 'ఏరియా మోడల్‌తో చూపించు' అంటే, మనం నేర్పిన, మిగిలిన అంకె (క్యారీ) పైన రాసుకునే పద్ధతిలో 864 రాసి ఊరుకుంటే పూర్తి మార్కులు రావు. దీర్ఘచతురస్రాన్ని నాలుగు ముక్కలు చేసి 20×30=600, 20×6=120, 4×30=120, 4×6=24 అని చూపించాలి. ఇది అనవసరపు చుట్టుతిప్పుడు అని కొట్టిపారేయకండి. ఆల్జీబ్రాలో బ్రాకెట్లు విప్పేటప్పుడు చేసేది సరిగ్గా ఇదే.

కాగాట్ ప్రాక్టీస్ పుస్తకాలు దొంతరగా చేయించడం మంచిది కాదు. ప్రశ్న రూపం తెలియడానికి ఒకటి రెండు కూర్చోబెట్టడం చాలు. నిజం కాగితం మడిచి, కత్తెరతో చిల్లు పొడిచి, విప్పి చూపించండి. ప్రాక్టీసుతో తెచ్చుకున్న అరువు స్కోరుతో చేరిన పిల్ల అక్టోబరుకల్లా వెనకబడిపోతుంది.

చేర్చే ముందు భిన్నాలు పరీక్షించండి, ఎందుకంటే కుదించిన సిలబస్‌లో ముందు నలిగేది అవే. హారాలు వేరైన భిన్నాల కూడిక ఐదో గ్రేడుది, భిన్నాన్ని భిన్నంతో భాగించడం ఆరో గ్రేడుది. 3/4 ÷ 1/2 ఎంత అని అడిగితే ట్యూషన్‌కి వెళ్లే పిల్ల తిరగేసి గుణించి 6/4 అని చెప్పేస్తుంది. ముప్పావు కప్పు పెరుగులో అర కప్పులు ఎన్ని అని అడగండి. ఒకటిన్నర అని చెప్పి, ఎందుకో బొమ్మ గీసి చూపించగలిగితే సిద్ధంగా ఉన్నట్టే. తడబడితే ఒక ఏడాది ఆగడం వల్ల పోయేది తక్కువ. పన్నెండో గ్రేడులో ఏపీ (కాలేజీ స్థాయి) కాల్క్యులస్ చదవాలంటే ఎనిమిదిలో ఆల్జీబ్రా వన్ అయితే చాలు. అందుకు మిడిల్ స్కూల్లో మళ్లీ దారి తెరిచే డిస్ట్రిక్టులు చాలా ఉన్నాయి.

రాలేదని ఉత్తరం వస్తే అప్పీలు గడువు తేదీ ముందు చూడండి, తరచూ రెండు మూడు వారాలే ఉంటుంది. ఏ ఏ స్కోర్లు, ఎంత వెయిటేజీ, కటాఫ్‌కి ఎంత దూరంలో ఆగిందన్నది ఈమెయిల్‌లో అడగండి. బడి దగ్గరున్న పిల్ల రికార్డులు చూసే హక్కు 1974 నాటి ఫెర్పా చట్టం ఇచ్చింది. అడిగిన 45 రోజుల్లోగా చూపించాలి. అయితే అప్పీలు గడువు అంతకంటే ముందే ముగుస్తుంది కాబట్టి, అదేరోజు అప్పీలు కూడా వేసేయండి. అప్పీల్లో "మా అమ్మాయి చాలా తెలివైనది" అనే వాక్యానికి విలువ లేదు. పోయిన రెండు సీజన్ల మ్యాప్ స్కోర్లు, తను స్వయంగా పద్ధతి వివరిస్తూ రాసిన రెండు మూడు పేజీలు జతచేయండి. పరీక్షరోజు జ్వరమో, హెడ్‌ఫోన్ పనిచేయకపోవడమో జరిగి ఉంటే తేదీతో సహా రాయండి. అయినా కాదంటే, వింటర్ మ్యాప్ తర్వాత మళ్లీ చూస్తారా అని అడిగి, ఆ జవాబు కూడా ఈమెయిల్‌లోనే తీసుకోండి.