చివరి గంటలో బయటపడే తప్పులు

స్కూలు చివరి రెండేళ్లలో ఫైన్ ఆర్ట్స్ తీసుకున్న ప్రతి బ్యాచ్‌కీ మన ఆర్ట్ రూమ్ నేర్పిన పాఠం ఒకటే: బొమ్మ చెడేది మొదటి పావుగంటలో, ఆ సంగతి తెలిసేది చివరి గంటలో. కింది తరగతుల్లో ఒక్క పీరియడ్‌లో బొమ్మ అయిపోయేది కాబట్టి ఇది ఎవరికీ పట్టేది కాదు. పై తరగతిలో ఒక్కో పని వారాల తరబడి నడుస్తుంది. తొందరలో దాటేసిన మెట్లన్నీ అప్పుడు లెక్కకొస్తాయి. స్కూలు సంచికకు జ్ఞాపకాలు రాయమన్నారు గానీ, ఆ గది పేరు చెబితే నాకు గుర్తొచ్చేవన్నీ చేతిపని సంగతులే. ఇప్పుడు అక్కడ కూర్చునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొస్తాయని వాటినే రాస్తున్నాను.

ముందు కాగితం. 300 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాములు) కన్నా పలుచని కాగితం మీద వాటర్ కలర్ వేయాలంటే దాన్ని ముందురోజే బోర్డుకు బిగించాలి. తడిసిన కాగితం సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. బిగించకుండా వాష్ (పలుచని రంగునీళ్ల పూత) వేస్తే ఉబ్బుల మధ్య గుంటలు పడి, రంగంతా వాటిలోకి చేరి చారలు కడుతుంది. బోర్డు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు తగ్గకూడదు. పలుచని బోర్డయితే ఆరే కాగితం లాగుడుకు వంగిపోతుంది. నీళ్లు తగిలితే అంటుకునే బ్రౌన్ పేపర్ టేపు, 5 సెంటీమీటర్ల వెడల్పుది, నాలుగు ముక్కలు ముందే కత్తిరించి పొడిగా పక్కన పెట్టుకోండి. తడిచేతులతో కత్తిరించబోతే చుట్టంతా అతుక్కుపోతుంది. కాగితాన్ని శుభ్రమైన నీళ్లలో కొద్ది నిమిషాలు నాననిచ్చి, ఒక మూల పట్టుకుని ఎత్తి, నీళ్లు కారిపోయాక బోర్డు మీద పరచాలి. టేపు సగం కాగితం మీద, సగం బోర్డు మీద పడాలి. తర్వాత బోర్డును బల్లపరుపుగా ఉంచి రాత్రంతా వదిలేయాలి. నిలబెడితే నీళ్లు కింది అంచుకు దిగి, అక్కడ టేపు ఊడుతుంది. హెయిర్ డ్రైయర్‌తో తొందరపెడితే ఒక పక్క ముందు ఆరి, కాగితమే చిరగొచ్చు. మాస్కింగ్ టేపు ఈ పనికి రాదు, తడి కాగితాన్ని అది పట్టుకోదు.

స్టిల్ లైఫ్‌కు వస్తువుల అమరిక ఎంత ఎత్తుందో దానికి మూడింతల దూరంలో కూర్చుంటే తల తిప్పకుండా అంతా ఒకే చూపులో ఇముడుతుంది. దీపం ఒక్కటే ఉండాలి, పక్క నుంచి, కాస్త పై నుంచి. రెండు దీపాలు పెడితే నీడలు ఒకదాన్నొకటి చెరిపేసి, వస్తువుల గుండ్రదనం పోతుంది. వస్తువుల అడుగుల చుట్టూ, మీ కుర్చీ కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గుర్తులు పెట్టుకోండి. రెండో వారం వచ్చి నాలుగు వేళ్లు పక్కకు కూర్చుంటే చాలు, మొదటి వారం గీసినదాంతో ఏదీ కలవదు. పెన్సిల్‌ను ఎదురుగా పట్టుకుని వస్తువుల్ని కొలిచేటప్పుడు చెయ్యి పూర్తిగా చాచి, మోచెయ్యి వంచకుండా, ఒక కన్ను మూసి కొలవాలి. మోచెయ్యి వంగితే పెన్సిల్ కంటికి దగ్గరవుతుంది, ప్రతి కొలతా మారిపోతుంది.

నన్నడిగితే ఆ రెండేళ్లలో అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది సీసా మూతికీ అడుగుకీ. మీ కంటిమట్టం సీసా మూతికి కాస్త పైన ఉందనుకోండి. మూతి దగ్గరి వలయం సన్నగా, దాదాపు గీతలా కనిపిస్తుంది. కిందికి దిగేకొద్దీ వలయం విచ్చుకుంటుంది. అడుగున ఉన్నది అన్నిటికన్నా గుండ్రంగా ఉంటుంది. చాలామంది దీన్ని తిరగేసి వేస్తారు. మూతి గుండ్రమని తెలుసు కాబట్టి దాన్ని గుండ్రంగా వేస్తారు, బల్ల చదునని తెలుసు కాబట్టి అడుగును తిన్నని గీతగా గీస్తారు. ఇంకేముంది, సీసా బల్ల మీద ఆనదు. ఎంత బాగా షేడింగ్ చేసినా ఆనదు. పైపెచ్చు నీడ ఎందుకు అతకలేదా అని నీడనే దిద్దుతూ కూర్చుంటారు. మందు ఒకటే: ముందు నడిమి నిలువు గీత గీసి, సీసా గాజుది అనుకుని, కనిపించని వెనక సగంతో సహా ప్రతి వలయాన్నీ పూర్తిగా చుట్టాలి. వలయం రెండు చివరలూ వంపు తిరగాలి, కోసుగా కలవకూడదు. కుడి ఎడమలు సమానంగా వచ్చాయో లేదో కాగితాన్ని తలకిందులు చేసి చూస్తే ఇట్టే తెలుస్తుంది.

రంగు ముట్టుకునే ముందు వెలుగునీడలు తేల్చుకోవాలి. కాగితం తెలుపు నుంచి 6బీ పెన్సిల్ నలుపు దాకా ఐదు మెట్ల పట్టీ ఒకటి వేసి పక్కన పెట్టుకుని, కళ్లు సగం మూసి చూస్తూ ఏ భాగం ఏ మెట్టులో పడుతుందో అరచేతంత బొమ్మలో నిర్ణయించుకోండి. అన్నిటికన్నా చిక్కని నలుపు సాధారణంగా వస్తువు బల్లను తాకే చోటే ఉంటుంది. నీడ భాగంలోకి బల్ల మీంచి ఎగబాకే వెలుగును చాలామంది మరీ తెల్లగా వదిలేస్తారు. అది ఎంత మెరిసినా వెలుగు పడే వైపున్న మధ్యఛాయ కన్నా ముదురుగానే ఉండాలి, లేకపోతే గుండ్రని వస్తువు లోహపు రేకు ముక్కలా కనిపిస్తుంది.

వాష్ వేయడానికి బోర్డు కింద ఒక పుస్తకం పెట్టి కాస్త వాలుగా ఉంచాలి. రంగు మీకు సరిపోతుందనిపించిన దానికి రెట్టింపు కలపండి. మధ్యలో అయిపోతే మళ్లీ కలిపేలోగా అంచు ఆరి గీత పడుతుంది, అది ఇక పోదు. నిండు కుంచెతో పై అంచున అడ్డంగా ఒక్క చార లాగితే కింది అంచున రంగునీళ్లు బొట్టుగా నిలుస్తాయి. తర్వాతి చార ఆ బొట్టును తాకుతూ వేయాలి, అలా కిందిదాకా. చివర మిగిలిన నీటిని పిండిన కుంచెతో పీల్చేయాలి. వెనక్కి వెళ్లి దిద్దకూడదు. మెరుపు పోయినా చేతి వెనక భాగంతో తాకితే చల్లగా ఉందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. అప్పుడు నీటి కుంచె తగిలితే కొత్త నీళ్లు రంగును అంచులకు నెట్టి, గోబీపువ్వు లాంటి మరక పడుతుంది. వాటర్ కలర్ ఆరాక లేతబడుతుంది కాబట్టి అదే కాగితం ముక్క మీద వేసి ఆరనిచ్చి చూసుకోవాలి. ఆక్రిలిక్ దీనికి విరుద్ధం, ఆరాక కాస్త ముదురుతుంది.

రంగులు బురదగా మారడానికి కారణం చాలాసార్లు ట్యూబు మీదే రాసి ఉంటుంది. లోపలున్న ఒక్కో రంగు పదార్థానికి ఒక్కో కోడ్ ఉంటుంది: పీబీ29 అంటే అల్ట్రామరీన్, పీబీ15 అంటే థాలో బ్లూ. ఒకే ట్యూబులో మూడు కోడ్‌లు ఉంటే, దాన్ని అలాంటిదే మరోదానితో కలిపినప్పుడు ఆరు రంగులు కలిపినట్టు. ఒక్క కోడ్ ఉన్నవే కొనండి. నలుపు ట్యూబు బదులు అల్ట్రామరీన్, బర్న్ట్ సియెన్నా కలిపితే ప్రాణమున్న బూడిదరంగు వస్తుంది. రంగు పక్కన రంగు పడితే ఏమవుతుందో శాస్త్రంగా చెప్పినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్. పారిస్‌లోని గోబ్లాన్ నేత కార్ఖానాలో అద్దకాల విభాగం ఆయన చేతిలో ఉన్నప్పుడు నల్లదారం వెలిసినట్టుందని ఫిర్యాదులొచ్చాయి. పరీక్షిస్తే దారంలో లోపం లేదు, పక్కన నేసిన రంగులు దాన్ని అలా చూపించాయి. ఈ పరిశీలనల్ని ఆయన 1839లో అచ్చు వేయించాడు. మీ బొమ్మలో ఎరుపు చచ్చిపోయినట్టుంటే ఎరుపును దిద్దకముందు దాని పక్కనున్నదాన్ని చూడండి.

ఆయిల్ కలర్స్ గురించి రెండు మాటలే. కింది పొరల్లో నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ. తిరగేస్తే పైది ముందు ఆరి, కిందిది తర్వాత కదిలి, పగుళ్లొస్తాయి. ఆక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు, ఆయిల్ మీద ఆక్రిలిక్ నిలవదు. అడుగు కుదరకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది: 1495–98 మధ్య మిలాన్‌లో లియోనార్డో ‘చివరి విందు’ను తడి సున్నం మీద కాకుండా ఆరిన గోడ మీద వేశాడు, ఆయన బతికుండగానే అది పాడవడం మొదలైంది. 1999లో ముగిసిన పునరుద్ధరణకు ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఇంకో మాట, లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తూ వేడెక్కి, గుడ్డలు వాటంతటవే అంటుకోగలవు. విడదీసి ఆరేయాలి, లేదా నీళ్లున్న మూత డబ్బాలో వేయాలి.

కళా చరిత్ర పేపర్‌లో మార్కులు పోయేది పరిమాణం దగ్గర. పుస్తకంలో అన్ని బొమ్మలూ అరచేతంతే. మోనాలిసా 77 × 53 సెంటీమీటర్లు, పికాసో 1937లో వేసిన గెర్నికా దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, 7.8 మీటర్ల వెడల్పు. రెండింటి కొలతలూ గోడ మీద సుద్దతో గీసి, ముందు నిలబడి చూసి, ఆ తర్వాత రాయండి. వాక్యాలే మారిపోతాయి.

స్కెచ్‌బుక్‌లోంచి పేజీలు చింపకండి. ఏ నిర్ణయం ఎందుకు మార్చారో పరీక్షకులకు తెలిసేది వాటిలోనే, అందుకే ప్రతి పేజీకి తేదీ వేసి, వాడిన రంగుల పేర్లు అంచున రాయండి. చార్కోల్ బొమ్మలకు, పొడి రాలకుండా పట్టి ఉంచే ఫిక్సెటివ్‌ను 30 సెంటీమీటర్ల దూరం నుంచి, కిటికీలు తెరిచి, పలుచగా రెండు పొరలు కొట్టండి. ఒకేసారి ముంచెత్తితే మచ్చలు పడతాయి. పోర్ట్‌ఫోలియో కోసం ఫొటోలు తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. మబ్బు పట్టిన పగటి వెలుగులో, కెమెరాను బొమ్మ నడిమికి ఎదురుగా, సమాంతరంగా పట్టాలి. ఫొటోలో బొమ్మ నాలుగు అంచులూ వంకర లేకుండా వచ్చాయో లేదో అక్కడికక్కడే చూసుకుని, ఆ తర్వాతే బొమ్మను ఫ్రేములో పెట్టండి. అద్దం వెనక్కి వెళ్లాక తీస్తే ఎదురుగా ఉన్న కిటికీ కూడా ఫొటోలో పడుతుంది.