గంట తాడు పట్టుకుని పది నెలలు

ముందే చెప్పేస్తా: పోయిన శనివారం నా మొదటి క్వార్టర్ పీల్ (చర్చి గంటల్ని ముప్పావుగంట ఆపకుండా మోగించడం) ఇరవై ఏడో నిమిషంలో పోయింది. పోగొట్టింది నేనే. ఎలాగో చివర్లో రాస్తాను.

మేముండేది ఇంగ్లండ్‌లో, నార్తాంప్టన్‌షైర్‌లోని ఓ చిన్న ఊళ్లో. చర్చి టవర్‌లో ఆరు గంటలున్నాయి. అన్నిటికంటే చిన్నది ట్రెబుల్, ఐదు హండ్రెడ్‌వెయిట్లు. పెద్దది టెనార్, పన్నెండు. హండ్రెడ్‌వెయిట్ అంటే దాదాపు 51 కిలోలు, లెక్క మీరే వేసుకోండి. ప్రతి గంటా ఓ పెద్ద చెక్క చక్రానికి బిగించి ఉంటుంది. తాడు లాగితే నోరు పైకెత్తి ఉన్న గంట పూర్తిగా ఓ చుట్టు తిరిగి, మళ్లీ నోరు పైకెత్తి నిలబడుతుంది. ఒకసారి ఇటు, ఒకసారి అటు: హ్యాండ్‌స్ట్రోక్, బ్యాక్‌స్ట్రోక్. ఒక్కో చుట్టుకి రెండు సెకన్ల పైచిలుకు పడుతుంది. అంత బరువుని మనకి తోచినప్పుడల్లా మోగించలేం కాబట్టి దీని మీద పాటలు వాయించడం కుదరదు. అన్ని గంటలూ ఒక్కోసారి మోగితే ఒక వరస. ఒక వరస నుంచి ఇంకో వరసకి వెళ్లేటప్పుడు పక్క గంటతో చోటు మార్చుకోవచ్చు, అంతే. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో మొదలైన ఈ ఆట మొత్తం ఆ ఒక్క వెసులుబాటు మీదే నడుస్తోంది. ఐదు గంటలకి 120 వరసలు, ఆరింటికి 720, ఏడింటికి 5,040, ఎనిమిదింటికి 40,320. ఆ ఆఖరిదాన్ని 1963లో లఫ్‌బరోలో ఎనిమిదిమంది ఆపకుండా పూర్తి చేశారు. ఎనిమిది గంటల్ని దాదాపు పద్దెనిమిది గంటలు మోగించారన్నమాట. ఈ వాక్యం తెలుగులోనే బాగుంటుంది.

"గుళ్లో గంట కొట్టడానికి ట్రైనింగేమిటే?" అంది అమ్మ ఫోన్లో.

ఫిబ్రవరిలో మొదలుపెట్టాను. నాది ఐదడుగుల ఎత్తు, కాళ్ల కింద రెండు చెక్కపెట్టెలు వేసుకోవాల్సిందే. వాచీ తీసెయ్యాలి, పైకి చూడకూడదు. మొదటి మూడు క్లాసులూ బ్యాక్‌స్ట్రోక్ ఒక్కటే. తాడు కొస నా చేతిలో, సాలీ మా టవర్ కెప్టెన్ చేతిలో. సాలీ అంటే తాడు మధ్యలో ఉన్ని కలిపి అల్లి లావుగా చేసిన భాగం, మాది ఎరుపూ నీలమూ చారలు. తర్వాత నేను సాలీ, ఆవిడ కొస. రెండూ కలిపి ఒంటరిగా లాగడానికి పన్నెండు గంటల సాధన పట్టింది. ఆ రోజుల్లో గంట నాలుకని కట్టేసి, సెన్సర్ పెట్టి, శబ్దం కంప్యూటర్ స్పీకర్లో వినేవాళ్లం. లేకపోతే ఊళ్లోవాళ్లు ఊరుకోరు కదా.

టవర్ కెప్టెన్‌కి డెబ్బై నాలుగేళ్లు. అందరూ పేరు పెట్టే పిలుస్తారు, నాకు మాత్రం నోరు రాక నెలరోజులు "ఎక్స్‌క్యూజ్ మీ"తోనే నెట్టుకొచ్చా.

ఏప్రిల్లో స్టే విరగ్గొట్టాను. గంట తలకిందులుగా ఆగేటప్పుడు అవతలికి పడిపోకుండా ఆపే యాష్ చెక్క కర్ర అది. గట్టిగా గుద్దితే విరిగిపోవాలనే అలా పెడతారు, లేకపోతే పైన ఫ్రేమ్ దెబ్బతింటుంది. ఆ రోజు కంగారులో ఎక్కువ లాగేశాను. పైన టప్‌మని చప్పుడు, ఆ వెంటనే సాలీ నా చేతుల్లోంచి సీలింగ్ వైపు దూసుకుపోయింది. "లెట్ గో!" అని కెప్టెన్ అరిచేసరికి వదిలేశాను. పట్టుకుని ఉంటే నన్నూ పైకి లాక్కుపోయేది. తాడు కొరడాలా గది అంతా కొట్టుకుంటుంటే అందరూ గోడకి అతుక్కుపోయాం. మర్నాడు కొత్త స్టే బిగించేటప్పుడు ఆవిడ నన్నే స్పానర్ పట్టుకోమన్నారు. టెన్షన్ పోయింది అక్కడే.

వేసవంతా రౌండ్స్, అంటే 1 నుంచి 6 దాకా వరసగా. తర్వాత కాల్ చేంజెస్. "టూ టు త్రీ" అంటే రెండోవాళ్లు మూడో గంట వెనక మోగించాలి. వెనక్కి వెళ్లాలంటే గంటని ఇంకాస్త పైకి పోనిచ్చి ఆగాలి, ముందుకి రావాలంటే ముందే ఆపి లాగెయ్యాలి. తేడా అంతా అంగుళాల్లోనే. నవంబర్లో రిమెంబ్రెన్స్ సండేకి (యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకునే ఆదివారం) గంట నాలుకకి ఒక పక్క తోలు మఫుల్ కట్టారు. ఒక స్ట్రోక్ మామూలుగా మోగుతుంది, తర్వాతది దాని ప్రతిధ్వనిలా లోపలెక్కడో వినిపిస్తుంది. ఆ రోజు తాడు లాగుతూ కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

మధ్యలో ప్లెయిన్ హంట్ మొదలైంది, అంటే ప్రతి గంటా ఒక్కో చోటు జరుగుతూ చివరిదాకా వెళ్లి వెనక్కి రావడం. ఐదు గంటల మీద ఇలా పోతుంది: 12345, 21435, 24153, 42513, 45231, 54321... పదో మార్పుకి మళ్లీ 12345. నేను మోగించే ట్రెబుల్, అంటే 1, ఒకటో చోటు నుంచి ఐదో చోటుకి వెళ్లి వెనక్కి వస్తుంది. నేను 2, 4, 5, 3 వెనక, మళ్లీ 2, 4, 5, 3 వెనక మోగించాలి. ఎక్కాల్లా బట్టీ పట్టేశాను. తప్పు అక్కడే జరిగింది.

క్వార్టర్ పీల్ అంటే మాకు 1,260 మార్పులు, ముప్పావుగంట. పద్ధతి ప్లెయిన్ బాబ్ డబుల్స్, అంటే ఐదు గంటలు చోట్లు మారతాయి. నాది ట్రెబుల్. టెనార్ మాత్రం కవర్, ఎప్పుడూ ఆఖర్నే మోగుతుంది. ఇందులో నా చోట్లు మారవు. కానీ మార్పులు పిలిచే కండక్టర్ "బాబ్" అన్నప్పుడల్లా నా ముందుండే గంటల క్రమం మారిపోతుంది. దాదాపు అరగంట చోట్లు లెక్కపెట్టుకుంటూనే వచ్చాను. అలసిపోయేసరికి బుర్ర బట్టీకి జారింది. బాబ్ పడింది. నేను నాలుగో తాడు కోసం చూస్తే అది అక్కడ లేదు. రెండు వరసలు ఎవరికి తోచింది వాళ్లు మోగించాక "స్టాండ్" అన్నారు, అంటే ఆపెయ్యమని. ఎవరూ ఏమీ అనలేదు, పబ్‌కి వెళ్లాం. ఎవరో నా జ్యూస్ డబ్బులు కట్టేశారు.

ఇంటికొచ్చాక అమ్మమ్మగారి ఊళ్లో రామాలయం ముందు ఆడిన జడ కోలాటం గుర్తొచ్చింది. ఎర్ర తాడు పిల్ల తర్వాత పచ్చ తాడు పిల్ల అని గుర్తుపెట్టుకుంటే, ఎవరైనా ఒక్కరు తడబడగానే జడ చిక్కుపడేది. లోపలికొకటి, బయటికొకటి అని నా అడుగు నేను చూసుకున్నంతసేపూ ఎవరెదురొచ్చినా సాగిపోయేది. మెథడ్ పుస్తకంలో ఒక్కో గంట దారినీ గీత గీసి చూపిస్తారు, దాన్ని బ్లూ లైన్ అంటారు. అన్ని గంటల గీతలూ ఒకే కాగితం మీద గీసి చూస్తే అచ్చం జడే.

ఈ మంగళవారం కెప్టెన్ గారిని అడిగి, నాకు చెప్పకుండా ఇష్టమొచ్చినచోట బాబ్‌లు వేయించుకున్నాను. నంబర్లు వదిలేసి, చోటు మాత్రం లోపల లెక్కపెట్టుకుంటూ, నా కన్నా ముందు కిందకి దిగే తాడు ఏదో దాన్ని చూశాను. 120 వరసలూ రెండుసార్లు పూర్తయ్యాయి, మూడోసారి లీడ్‌లో (మొదటి చోట) తొందరపడ్డాను. జనవరి రెండో శనివారం మళ్లీ క్వార్టర్. మా ఆయన వచ్చి కింద కూర్చుని వింటానన్నారు. ఎక్కడ తప్పినా ఆయనకి తెలియదు, అదో ధైర్యం.