మెయిన్ జెట్టు మీదే ఎందుకంత మోజు?

ఆర్‌ఎక్స్ 100 కొన్న ప్రతి కుర్రాడూ అడిగేది ఒకటే. "అన్నా, పెద్ద మెయిన్ జెట్టు వేయిస్తే పికప్ పెరుగుద్దా?"

"బెంజి సర్కిల్లో యాక్సిలరేటర్ ఎంత తిప్పుతున్నావు తమ్ముడూ?" అంటాను. మహా అయితే పావు వంతు. ఆ పావులో మెయిన్ జెట్టు (ఫుల్ రేసులో ఇంజిన్‌కి పెట్రోలు కొలిచి వదిలే చిన్న ముక్క) సైజుతో పెద్దగా నిమిత్తం లేదు.

ఇంజిన్ గాలి పీల్చినప్పుడు పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటర్ మధ్యలోని సన్నటి గొంతులో గాలి వేగం పెరిగి, పీడనం పడిపోతుంది. కింద గిన్నెలోని పెట్రోలు మీద మాత్రం బయటి గాలి పీడనం అలాగే ఉంటుంది. ఆ తేడాకే పెట్రోలు పైకి ఎక్కుతుంది. ఎంత ఎక్కాలో ఆపి కొలిచేది జెట్టు: సన్నటి చిల్లున్న ఇత్తడి ముక్క. కార్బొరేటర్లు చేసే కీహిన్ కంపెనీ మెయిన్ జెట్టు మీద 100 అని ఉంటే చిల్లు సుమారు 1 మి.మీ. ఇంకో కంపెనీ మికునీ వాళ్ల ఆరు పలకల జెట్టు మీది అంకె పెట్రోలు పారే లెక్క. రెండు 100లూ ఒకటి కావు; షాపులో అంకె ఒక్కటే చెప్పి కొనుక్కొచ్చేవాళ్లను చూస్తే నాకు భయం.

బండి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడూ, రేసు అప్పుడే అందుకుంటున్నప్పుడూ తక్కువ రేసుకి పెట్రోలు ఇచ్చే స్లో జెట్టుదే రాజ్యం. తర్వాత కాసేపు స్లైడు కోత, అంటే యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచే స్లైడు అడుగున ఉన్న కోత. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, అంటే ఆ స్లైడుకు వేలాడే సూది: దాన్ని పట్టుకున్న క్లిప్ ఒక గాడి కిందకి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు ఎక్కువ పోతుంది. ముప్పావు దాటాకే మెయిన్ జెట్టు. ఊళ్లో అంత తిప్పే చోటెక్కడుంది?

స్లో జెట్టు చిల్లు మరీ సన్నం. బండి నెలల తరబడి మూలన పడితే పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది, ముందు మూసుకుపోయేది ఇదే. చోక్ వేస్తేనే స్టార్టు, సిగ్నల్ దగ్గర ఆగిపోవడం, రేసు ఇస్తే మాత్రం శుభ్రంగా లాగడం. ఈ మూడూ కనిపిస్తే మెయిన్ జెట్టు జోలికి పోవద్దు. స్లో జెట్టు విప్పి క్లీనర్ కొట్టి, గాలి పెట్టించండి. సేఫ్టీ పిన్నుతో పొడిచారా, ఇత్తడి మెత్తన, చిల్లు సైజే మారిపోతుంది.

ఫిల్టర్ తీసేసి, సైలెన్సర్ మార్చినవాళ్ల సంగతి వేరు. గాలి పెరిగింది కాబట్టి మెయిన్ జెట్టూ పెరగాలి, లేకపోతే వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న ఈ20లో (ఇరవై శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలు) ఇథనాల్‌తో పాటు ఆక్సిజన్ కూడా వస్తుంది కాబట్టి, పాత జెట్టుతో మిశ్రమం కొంత పలచనవుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందదు.

స్పార్క్ ప్లగ్గు రంగు చూసి చెప్పేస్తామంటారు కొందరు. ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఇంటికొచ్చాక విప్పితే అది స్లో జెట్టు కథే చెబుతుంది. మెయిన్ జెట్టు సంగతి తేలాలంటే ఖాళీ హైవే మీద ఫుల్ రేసులో కాసేపు లాగి, క్లచ్ పట్టి, అక్కడికక్కడే ఇంజిన్ ఆపి విప్పాలి. గోధుమ రంగుంటే వదిలేయండి. తెల్లగా ఉంటే ఇంకో సైజు పెద్దది, నల్ల మసి ఉంటే చిన్నది.