సైకిలు డైరీ: తొట్లకొండ దారి, ఐరన్ మాత్ర, గోధుమ లేని వంటిల్లు

ఈ ఏడాది నా సైకిలు డైరీలో కిలోమీటర్లకు పెద్ద చోటు లేదు. రెండే లెక్కలు రాసుకుంటూ వచ్చాను. తొట్లకొండ ఎక్కేటప్పుడు గుండె వేగం ఎంత, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ రక్తంలో ఎంత. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఒంట్లో ఏం జరుగుతోందో నాకు తెలిసింది. సిలియాక్ జబ్బుతో (గోధుమ తింటే చిన్నపేగు దెబ్బతినే జబ్బు) గోధుమ మానేసి, ఐరన్ మాత్రలు వాడుతూ, వ్యాయామం వదులుకోవడం ఇష్టం లేనివారికి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. మోతాదు విషయంలో మీ డాక్టరు మాటే మీకు ప్రమాణం. ఇక్కడ ఉన్న అంకెలు నా శరీరానివి.

జూలై

విశాఖ బీచ్ రోడ్డులో సాగర్ నగర్, రుషికొండ దాటి భీమిలి వైపు తొక్కడం నాకు అలవాటు. చదును రోడ్డు మీద ఏ తేడా తెలియలేదు. తొట్లకొండ మీదికి తిరిగాకే అసలు సంగతి బయటపడింది. 128 మీటర్ల ఎత్తు, అంతే. సగం దూరం వచ్చేసరికి గుండె వేగం 178 చూపించేది, చెవుల్లో హోరు, తొడల్లో సత్తువ లేదు. కాలు కింద పెట్టి నిలబడిపోయేదాన్ని. ఇంట్లో మెట్లెక్కినా ఆయాసం. గోళ్లు పెళుసుగా విరిగిపోతున్నాయి. ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు తీసి కరకర నమలాలనిపించేది. ఈ చివరిది కూడా ఐరన్ లోపం గుర్తే.

పరీక్షలో హిమోగ్లోబిన్ 9.4, ఫెర్రిటిన్ 5 వచ్చాయి. గర్భిణులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనతేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. "ఆడవాళ్లకు రక్తం తక్కువ ఉండటం మామూలేగా" అని ఎంతమంది అన్నారో. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. చాలామందిలో కనిపిస్తున్నంత మాత్రాన అది మామూలు అయిపోదు, కారణం వెతకాల్సిందే.

మందుల షాపులో ఎక్కడైనా దొరికే ఫెర్రస్ ఆస్కార్బేట్ మాత్ర రాశారు. అందులో అసలు ఐరన్ 100 మిల్లీగ్రాములు, తోడుగా ఫోలిక్ యాసిడ్ 1.5 మిల్లీగ్రాములు. మాత్ర ఒంటికి పడితే మూడు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ ఒకటి రెండు పాయింట్లు పెరగాలి. నాకు రెండు నెలలు వాడాక 9.6. క్రమం తప్పకుండా వేసుకున్న మాత్ర ఎక్కడికి పోయినట్టు?

సెప్టెంబరు

ఈ ప్రశ్నను పట్టించుకున్న డాక్టరు దొరకడం నా అదృష్టం. ఎర్ర కణాలు చిన్నవిగా ఉన్నాయి కాబట్టి తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) లక్షణం ఉందేమోనని ముందు ఆ పరీక్ష చేయించారు. అది లేదని తేలాక సిలియాక్‌ను పట్టిచ్చే టీటీజీ యాంటీబాడీ పరీక్ష, దాని ఫలితాన్ని నమ్మొచ్చో లేదో తేల్చే మొత్తం ఐజీఏ పరీక్ష రాశారు. టీటీజీ బాగా ఎక్కువగా ఉంది. ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదటి భాగం నుంచి ముక్కలు తీసి చూస్తే సిలియాక్ అని ఖాయమైంది.

అనుమానం ఉన్నవారు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి. పరీక్షలు పూర్తయ్యేదాకా గోధుమ మానకండి. ముందే మానేస్తే యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు కొంత మానిపోతుంది, జబ్బున్నా లేనట్టు రిపోర్టు వస్తుంది.

మనం తిన్న ఐరన్‌ను ఒంటికి ఎక్కించేది ప్రధానంగా చిన్నపేగు మొదటి భాగమే. సిలియాక్‌లో గోధుమ, బార్లీల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ వల్ల సరిగ్గా అక్కడే లోపలి పొర దెబ్బతింటుంది. పొర మీద ఉండాల్సిన సన్నని వేళ్లలాంటి మడతలు అరిగిపోతాయి. మాత్ర పేగుదాకా చేరినా దాన్ని అందుకునే చోటే సరిగా లేదన్నమాట. కొందరికి విరేచనాలు, కడుపునొప్పి ఏవీ లేకుండా ఒక్క రక్తహీనతగానే ఈ జబ్బు బయటపడుతుంది.

నరం ద్వారా ఐరన్ ఎక్కించే దారి ఉందని, పేగుతో పని లేకుండా నిల్వలు త్వరగా నిండుతాయని డాక్టరు చెప్పారు. మాత్ర పడకపోతే, హిమోగ్లోబిన్ ఇంకా కిందికి జారితే ఆ దారే అన్నారు. ముందు పథ్యం, మాత్ర కలిపి ప్రయత్నిద్దామనుకున్నాం.

అక్టోబరు, నవంబరు: వంటిల్లు

"అన్నం తినే వాళ్లం, మనకు గోధుమ జబ్బేమిటమ్మా?" అన్నారు నాన్న. కాగితం తీసి ఆయన ముందే రాయడం మొదలుపెట్టాను. ఉప్మా రవ్వ, సేమ్యా, పూరీ, బొబ్బట్లు, కాజా, బ్రెడ్డు, బిస్కెట్లు, హోటలు మంచూరియాలోని సోయా సాస్. కాగితం నిండుతుంటే ఆయన మరో మాట మాట్లాడలేదు.

కనిపించనివి ఇంకా ఉన్నాయి. పొడి ఇంగువ ముద్ద కట్టకుండా గోధుమ పిండి కలుపుతారు, డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది, ఇప్పుడు మా పోపుల పెట్టెలో అదే. నేను నీరసంగా ఉన్నానని అత్తయ్య ప్రేమగా హార్లిక్స్ కలిపి తెచ్చారు. అది బార్లీ మాల్టు, గోధుమలతో చేసేదని చెబితే ఆవిడ చాలా బాధపడ్డారు. మర్నాటి నుంచి ఇంట్లోనే రాగి మాల్టు మొదలుపెట్టారు, రాగులు నానబెట్టి, మొలక కట్టి, నీడన ఆరబెట్టి. మొలక కడితే రాగుల్లో ఐరన్‌ను పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి, కాబట్టి ఆ శ్రమకు ఫలితం ఉంది.

మాత్రల గురించీ అడిగి తెలుసుకోండి. మాత్ర గట్టిపడటానికి పిండి పదార్థం వాడతారు, చాలావాటిలో అది మొక్కజొన్నదే. మందుల షాపులో డబ్బాలోని కాగితం అడిగి చదివాను, అర్థం కానిచోట తయారీదారుకు రాసి అడిగాను. బలానికని అమ్మే టానిక్కుల్లో మాల్టు ఉందేమో చూడాలి.

సైకిలు మీద తిండి కొత్తగా ఆలోచించాల్సి వచ్చింది. ఓట్సు బార్లు పక్కన పెట్టాను. జేబులో ఇప్పుడు చిమ్మిలి ఉండలు, అరటిపండు, దూరం ఎక్కువైతే ఆత్రేయపురం పూతరేకులు. పూతరేకుకు కావలసింది బియ్యప్పిండి పొర, బెల్లం, నెయ్యి. తొక్కేటప్పుడు గొంతు దిగడానికి ఇంత హాయిగా ఉండేది ఇంకోటి నాకు కనపడలేదు. భీమిలిలో టిఫిను దగ్గర ఇడ్లీతో నాకు పేచీ లేదు, సాంబారు మాత్రం వద్దంటాను, ఇంగువ భయం. దోశ, పెసరట్టు వేసే పెనం మీదే చపాతీ కాలుస్తున్నారా అని అడుగుతాను. విసుక్కునేవారు ఉన్నారు. పెనం కడిగి వేసి ఇచ్చే ఒకాయన కూడా ఉన్నారు, ఇప్పుడు మా బృందమంతా ఆయన దగ్గరే తింటోంది.

డిసెంబరు: మాత్ర వేళ

హిమోగ్లోబిన్ 10.5, ఫెర్రిటిన్ 8. మొదటిసారి అంకె కదిలింది.

రోజూ మాత్రతో మలబద్ధకం, కడుపులో తిప్పడం మొదలైతే డాక్టరు రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. తగ్గిస్తే నష్టపోతానేమోనని అడిగితే ఆవిడ వివరించిన తీరు నాకు బాగా నచ్చింది. ఐరన్ మాత్ర వేసుకోగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును పెంచుతుంది. అది పేగు నుంచి ఐరన్ లోపలికి రాకుండా తలుపు వేస్తుంది, ఆ ప్రభావం దాదాపు ఒక రోజు ఉంటుంది. మర్నాడే వేసిన మాత్రలో ఒంటికి పట్టే భాగం అందుకే తగ్గుతుంది. ఒక రోజు ఆగితే తలుపు మళ్లీ తెరుచుకుంటుంది, కడుపుకూ ఊరట.

ఇక్కడ సైకిలు తొక్కేవారికి ఇంకో విషయం ఉంది. గట్టి వ్యాయామం చేసిన మూడు నుంచి ఆరు గంటల తర్వాత కూడా హెప్సిడిన్ పెరుగుతుంది. పొద్దున తొక్కి వచ్చి మధ్యాహ్నం మాత్ర వేసుకుంటే సరిగ్గా ఆ తలుపు మూసిన వేళకు దొరికిపోతాం. నేను ఇంటికి రాగానే, చెమట ఆరకముందే వేసుకుంటున్నాను. నిమ్మరసం నీళ్లతో మాత్ర, పక్కనే జామకాయ ముక్కలు. సి విటమిన్ ఐరన్ ఒంటపట్టడానికి సాయపడుతుంది. టిఫిను గంట తర్వాత. టీ పదకొండింటికి, అంతకుముందు వద్దు, ఎందుకంటే టీ, కాఫీల్లోని పదార్థాలు ఐరన్‌ను పట్టేస్తాయి. పెరుగు మధ్యాహ్నం, కాల్షియం మాత్ర రాత్రి. ఖాళీ కడుపున అస్సలు పడకపోతే ఒక అరటిపండు తిని వేసుకోండి, మానేయడం కన్నా అదే మేలు.

థైరాయిడ్ మాత్ర వాడేవారికి నా వేళలు కుదరవు. ఆ మాత్రకూ ఐరన్‌కూ నాలుగు గంటల ఎడం ఉండాలి. గ్యాస్ మాత్రలు రోజూ వేసుకునేవారికి ఐరన్ తక్కువ పడుతుంది, డాక్టరుకు ఆ సంగతి చెప్పండి.

ఐరన్ వాడితే మలం నల్లగా, ముదురు ఆకుపచ్చగా మారుతుంది, భయం లేదు. తారులా జిగటగా, విపరీతమైన దుర్వాసనతో ఉంటే మాత్రం అది లోపలి రక్తస్రావం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంట్లో పసిపిల్లలుంటే ఐరన్ మాత్రలు వాళ్లకు అందని చోట తాళం వేసి పెట్టండి. కొద్ది మాత్రలు మింగినా పిల్లల ప్రాణానికి ముప్పు.

ఫిబ్రవరి: పిండి మర

అంకె ఆగిపోయింది. హిమోగ్లోబిన్ 10.7. టీటీజీ తగ్గాల్సినంత తగ్గలేదు. అంటే ఎక్కడి నుంచో గ్లూటెన్ వస్తూనే ఉంది. వంటింట్లో ప్రతి డబ్బా తీసి చూశాం, ఏదీ దొరకలేదు. జొన్నపిండి ఆడించడానికి వెళ్లినప్పుడు మర దగ్గర నిలబడి చూస్తే సమాధానం దొరికింది.

నాకు ముందు ఎవరిదో గోధుమ బస్తా. అది అయ్యాక మరాయన తొట్టిని చేత్తో రెండు దెబ్బలు కొట్టి నా జొన్నలు పోశాడు. గుడ్డ గొట్టంలోంచి ముందు పడిన పిండి లేత గోధుమ రంగులో ఉంది, ఆ తర్వాతే జొన్న తెలుపు వచ్చింది. రాళ్ల మధ్య, గొట్టం మడతల్లో, గాలిలో అంతా గోధుమే. గ్లూటెన్ లేనిదని అమ్మే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని మన దేశంలో ఆహార భద్రతా నియమం. గోధుమ పిండిలో దాదాపు పదో వంతు గ్లూటెనే. అంటే కిలో జొన్నపిండిలో చిటికెడు గోధుమ పిండి కలిసినా హద్దు దాటినట్టే. మరాయన తప్పేమీ లేదు, అందరి పిండీ అలాగే ఆడిస్తాడు.

ఇంట్లోకి చిన్న పిండి యంత్రం కొన్నాం. ఖర్చు తక్కువేమీ కాదు, కానీ ఈ ఏడాది నేను పెట్టిన డబ్బులో దీనికి పెట్టిందే అన్నిటికన్నా సార్థకం. జొన్నలు, రాగులు తెచ్చాక పళ్లెంలో పోసి అత్తయ్య, నేను కూర్చుని ఏరుతాం. పొట్ట మీద గీత ఉన్న పొడవాటి గింజ గోధుమ, గుండ్రటిది జొన్న. ఏరాక కడిగి, ఎండబెట్టి, ఇంట్లోనే పిండి పట్టుకుంటున్నాం.

మే

హిమోగ్లోబిన్ 12.3, ఫెర్రిటిన్ 17. టీటీజీ బాగా దిగింది. మందు మారలేదు, మోతాదు పెరగలేదు. మారింది పిండి ఒక్కటే. సిలియాక్ ఉన్నవారికి మొదటి ఐరన్ మందు పథ్యమేనని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

హిమోగ్లోబిన్ 12 దాటిందని ఇంట్లో అందరూ సంతోషించి ఇక మాత్ర ఆపేయొచ్చా అన్నారు. ఆపకూడదు. ఒంట్లోకి వచ్చిన ఐరన్ ముందు రక్తానికి వెళుతుంది, నిల్వలు ఆ తర్వాతే నిండుతాయి. హిమోగ్లోబిన్ సరైన స్థాయికి వచ్చాక కూడా దాదాపు మూడు నెలలు వాడాలని మా డాక్టరు మాట. కొండ దగ్గర ఈ తేడా నాకు స్పష్టంగా కనిపించింది. రిపోర్టు బాగుందని పొంగిపోయి వెళితే చివరి మలుపు దగ్గర గుండె వేగం ఇంకా 170. ఆగకుండా ఎక్కాను, కానీ మిగిలిన రోజంతా మంచం దిగలేదు. ఫెర్రిటిన్ పరీక్ష జ్వరం, జలుబు లేనప్పుడే చేయించుకోండి. ఇన్‌ఫెక్షన్ లాంటి వాటితో ఒంట్లో లోలోపల వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉంటే నిల్వ లేకపోయినా ఆ అంకె పెరిగి కనిపిస్తుంది.

తిండి వైపు నుంచి వారానికోసారి కోడి లివరు వేపుడు, ఎండు రొయ్యలు వేసిన తోటకూర. మాంసాహారంలోని ఐరన్ ఆకుకూరల్లో దానికన్నా సులువుగా ఒంటపడుతుంది. పులుసులు ఇనుప మూకుడులో వండుతున్నాం, పులుపు మూకుడులోని ఇనుమును కొంత లాగుతుంది. వండగానే గిన్నెలోకి తీసేయాలి, లేకపోతే పులుసు నల్లబడి లోహపు రుచి వస్తుంది.

ఆగస్టు

హిమోగ్లోబిన్ 13, ఫెర్రిటిన్ 44. తొట్లకొండ పైదాకా ఒకే ఊపులో, గుండె వేగం 156. పైన దిగి నీళ్లు తాగుతుంటే పక్కన ఉన్నవారితో మాట్లాడగలిగాను. దిగేటప్పుడు తీరం వెంట భీమిలి వైపు చూస్తూ వచ్చాను, పోయిన ఏడాది ఆ చూపుకు కూడా ఓపిక లేదు.

డాక్టరు మాత్ర ఆపి, మూడు నెలలకు ఫెర్రిటిన్, ఏడాదికోసారి టీటీజీ చూద్దామన్నారు. బి12, ఫోలేట్, డి విటమిన్ కూడా అప్పుడే. నవంబరులో మా బృందం అన్నవరం దాకా తొక్కాలనుకుంటోంది, నేనూ వస్తానని చెప్పాను. అక్కడి ప్రసాదం గోధుమ నూకతో చేసేది కాబట్టి కళ్లకద్దుకుని పక్కవారికి ఇస్తాను. దారిలో తినడానికి ఉడికించిన గుడ్లు, చిమ్మిలి, పూతరేకులు, పెరుగన్నం డబ్బా సర్దుకోవాలి. వెళ్లే ముందు వారం ఫెర్రిటిన్ చేయించి అంకె ఇక్కడే రాస్తాను. 30 కన్నా దిగితే అన్నవరం వాయిదా వేసి మళ్లీ మాత్ర మొదలుపెట్టాలని డాక్టరు, నేను ముందే అనుకున్నాం.