మట్టి దారికి బండి వెతుకుతున్నారా? ముందు తారు రోడ్డు లెక్క చూసుకోండి

నంబర్ ప్లేటు పడే డర్ట్ బైక్ కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఎన్ని సీసీలు తీసుకోవాలి?" అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. బండి పెట్టే చోటు నుంచి మట్టి మొదలయ్యే చోటు దాకా తారు రోడ్డు ఎన్ని కిలోమీటర్లు? ఆ రోడ్డు మీద పక్క బళ్లు ఎంత వేగంతో పోతుంటాయి? ఏ బండి కావాలో సగం ఇక్కడే తేలిపోతుంది. అడవి బాటలో 200 సీసీ బండి చేయలేని పని దాదాపు లేదు. దానికి ఊపిరాడనిది అక్కడికి చేర్చే పెద్ద రోడ్డు మీదే.

తారు 20 కిలోమీటర్లలోపు, అదీ 60-70 వేగంతో పోయే చిన్న రోడ్డైతే 200-250 సీసీ ఎయిర్ కూల్డ్ లేదా ఆయిల్ కూల్డ్ బండి హాయిగా సరిపోతుంది. యమహా ఎక్స్‌టీ250, కవాసాకీ కేఎల్‌ఎక్స్230, హీరో ఎక్స్‌పల్స్ 200 4వి ఈ కోవలోవి. యాభై, వంద కిలోమీటర్లు 90 వేగంతో లాగాల్సి వస్తే హోండా సీఆర్‌ఎఫ్300ఎల్, కవాసాకీ కేఎల్‌ఎక్స్300 లాంటి లిక్విడ్ కూల్డ్ బళ్లు చూడాలి. గంటల తరబడి 110తో హైవే తప్పదంటే సుజుకీ డీఆర్650 లాంటి పెద్ద సింగిల్ సిలిండర్ తీసుకోక తప్పదు. దానికి కట్టే మూల్యం బరువు.

బరువు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే కొనేటప్పుడు అందరూ తేలిగ్గా తీసుకునేది దీన్నే. పెట్రోలు, ఆయిలు అన్నీ నింపాక ఎక్స్‌టీ250 132 కిలోలు, కేఎల్‌ఎక్స్300 137, సీఆర్‌ఎఫ్300ఎల్ 142, డీఆర్650 166. అడ్వెంచర్ బైక్ అని పిలిచే రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 అయితే 196. రోడ్డు మీద కదులుతున్నంతసేపూ ఈ తేడా తెలియదు. తడి బంకమట్టి ఎక్కుడులో బండి పక్కకి ఒరిగినప్పుడు తెలుస్తుంది. బ్రోచర్లు పోల్చేటప్పుడు ఒకరు నిండు బరువు రాస్తారు, ఇంకొకరు పెట్రోలు లేని బరువు రాస్తారు. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది కాబట్టి 10 లీటర్ల ట్యాంకంటే ఏడున్నర కిలోలు. ఆ లెక్క కలిపి చూడండి.

కొనేముందు చేయాల్సిన పరీక్ష ఒకటే. అలాంటి బండిని గడ్డి మీద నెమ్మదిగా పడుకోబెట్టి, ఒంటరిగా, వరసగా ఐదుసార్లు లేపాలి. లేపే పద్ధతి ఇది. ముందు ఇంజిన్ ఆపి గేరులో వేయాలి, అప్పుడు చక్రం దొర్లదు. వాలు మీద పడి చక్రాలు పైవైపు, సీటు దిగువ వైపు ఉంటే అలాగే లేపబోకండి. ముందు చక్రం పట్టుకుని బండిని నేలమీదే తిప్పి చక్రాలు దిగువకి వచ్చేలా చేస్తే సగం శ్రమ తగ్గుతుంది. కుడివైపు పడితే లేపకముందే సైడ్ స్టాండు తీసి ఉంచుకోవాలి, లేదంటే నిలబెట్టిన ఊపులో అటువైపు పడుతుంది. వీపు నిటారుగా ఉంచి, బలమంతా తొడల మీద వేయాలి. ఐదోసారికి చేతులు వణికితే అంతకంటే తేలిక బండి చూసుకోవడమే మేలు. బాటలో లేపేటప్పటికి మీరు ఇంకా అలసిపోయి ఉంటారు.

అయితే అన్నిటికంటే తేలికైనది కొనేస్తే సరిపోదా? కేటీఎం 350 ఈఎక్స్‌సీ-ఎఫ్ లాంటి ఎండ్యూరో బళ్లు (మట్టి బాటల పోటీలకని చేసినవి) పెట్రోలు లేకుండా 110 కిలోల లోపే ఉంటాయి, చాలా దేశాల్లో వాటికి నంబర్ కూడా ఇస్తారు. మట్టిలో వాటికి సాటి లేదు. కానీ వాటి సర్వీసు లెక్క కిలోమీటర్లలో కాదు, గంటల్లో. ఇంజిన్ ఆయిలు 15 గంటలకొకసారి మార్చాలి. సగటున 40 వేగం అనుకుంటే 600 కిలోమీటర్లు. అంటే ఒక వారాంతం పెద్ద ప్రయాణానికే ఒక ఆయిలు మార్పు అయిపోతుంది. దీనికి పక్కన యమహా డబ్ల్యూఆర్250ఆర్‌ని పెట్టి చూడండి: ఇంజిన్ వాల్వు గ్యాపు చూసే గడువే 42,000 కిలోమీటర్లు. ఎండ్యూరో ఇంజిన్‌లో ఆయిలు లీటరున్నర మించదు. వెనక హబ్బులో ఝటకాలు మింగే రబ్బరు ముక్కలుండవు. అందుకే తారు మీద ఒకే వేగంతో గంటల తరబడి పోతుంటే చైను తగిలే ప్రతి దెబ్బా నేరుగా గేర్‌బాక్సులోకి వెళుతుంది. డీఆర్650 హబ్బులో ఆ రబ్బర్లుంటాయి, దూరాలకి అది ఓర్చుకునేది కొంత అందువల్లే. ఎండ్యూరో బండి చేతకానిదని కాదు, దాన్ని తయారుచేసింది వేరే పనికి. మట్టి ఇంటి పక్కనే ఉండి, స్పానర్ పట్టడం ఇష్టమైనవాళ్లకి అంతకంటే మంచిది దొరకదు.

ఇక సీటు ఎత్తు. ఎక్స్‌పల్స్ 200 4వి మామూలు మోడల్ 825 మిల్లీమీటర్లు, దాని ప్రో మోడల్ 891, సీఆర్‌ఎఫ్300ఎల్ 880, కేఎల్‌ఎక్స్300 సుమారు 895, పాత డీఆర్-జెడ్400ఎస్ 935. ఈ అంకెలు చూసి భయపడి వెనక్కి తగ్గేవాళ్లు ఎక్కువ. అవి బండి ఖాళీగా నిలబడ్డప్పటివి. మనిషి ఎక్కగానే సస్పెన్షన్ దిగుతుంది, సన్నటి సీటు కాబట్టి కాళ్లు నిటారుగా జారతాయి. రెండు పాదాలూ పూర్తిగా ఆనాల్సిన పని లేదు. నడుము ఒక పక్కకి జరిపి ఒక కాలి మునివేళ్ల భాగం గట్టిగా ఆనితే చాలు, ఆగాల్సినప్పుడు ఎత్తున్న వైపు కాలు పెట్టడం అలవాటైపోతుంది. అదీ అందకపోతే ముందు సీటు ఫోము చెక్కించుకోండి. లోయరింగ్ లింకు (వెనక సస్పెన్షన్‌ని కిందికి దించే ముక్క) వేస్తే వెనక దిగుతుంది, దానికి తగ్గట్టు ముందు ఫోర్కు ట్యూబులు క్లాంపుల్లో పైకి జరపాలి, సైడ్ స్టాండు కోయించాలి, గ్రౌండ్ క్లియరెన్స్ పోతుంది. బాటలో రాళ్లకి తగిలేది ఆ పోయిన ఎత్తే.

సస్పెన్షన్‌లో ఎంత ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం) ఉందన్నదాని కంటే లోపలి స్ప్రింగు మీ బరువుకి సరిపోతుందా అన్నది ముఖ్యం. కంపెనీ స్ప్రింగులు ఎక్కువగా 70-75 కిలోల మనిషిని దృష్టిలో పెట్టుకుని వేస్తారు. మీకు సరిపోతుందో లేదో టేపుతో పది నిమిషాల్లో తెలుసుకోవచ్చు. వెనక చక్రం గాల్లో ఉండేలా బండిని స్టాండు మీద పెట్టి, ఇరుసు మధ్య నుంచి నిట్టనిలువుగా వెనక మడ్‌గార్డు మీద ఒక గుర్తు దాకా కొలవాలి. తర్వాత హెల్మెట్, బూట్లతో సహా ఎక్కి ఫుట్‌పెగ్గుల మీద బరువుంచి కూర్చుంటే, ఇంకొకరు అదే దూరం మళ్లీ కొలవాలి. తేడా మొత్తం ట్రావెల్‌లో దాదాపు మూడో వంతు ఉండాలి: 250 మిల్లీమీటర్ల ట్రావెల్‌కి 80 దగ్గర. తేడా 110 వస్తే ప్రీలోడ్ (స్ప్రింగుని ముందే కొంత నొక్కి ఉంచే బిగింపు) బిగించి 80కి తెచ్చి, ఆపైన బండిని ఖాళీగా వదిలి మూడోసారి కొలవండి. ఖాళీ బండి తన బరువుకే 25-30 మిల్లీమీటర్లన్నా దిగాలి. అస్సలు దిగకుండా బిర్రుగా నిలబడితే స్ప్రింగు మీ బరువుకి మెత్తన. ప్రీలోడ్ ఎంత బిగించినా అది గట్టిపడదు, మార్చాల్సిందే. ఇది తెలియక చాలామంది మంచి బండిని "గుంటల్లో కొడుతోంది" అని అమ్మేస్తుంటారు.

గేర్ల విషయంలో మట్టికీ తారుకీ ఎప్పుడూ తగువే. మొదటి గేరులో క్లచ్ నొక్కకుండా నడక వేగంతో పోగలగాలి, పై గేరులో ఇంజిన్ అరవకుండా రోడ్డు మీద సాగాలి. కొత్త బళ్లలో మొదటి గేరు చాలామటుకు మట్టికి కొంచెం పొడుగే. ముందు స్ప్రాకెట్ 14 పళ్లది తీసి 13 వేస్తే లాగుడు సుమారు 7.7 శాతం పెరుగుతుంది. వెనక 40 పళ్లుంటే దాన్ని 43 చేసినా దాదాపు అంతే. ముందుది చవక, అరగంట పని, చైను కూడా మార్చక్కర్లేదు. మరీ చిన్నది వేస్తే చైను స్వింగ్‌ఆర్ము (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీది రబ్బరు పట్టీని త్వరగా కోసేస్తుంది. కొన్ని బళ్లలో స్పీడు లెక్క గేర్‌బాక్సు నుంచి వస్తుంది, అక్కడ మీటరు ఎక్కువ చూపిస్తుందని గుర్తుపెట్టుకోండి.

ట్యాంకు: సీఆర్‌ఎఫ్300ఎల్‌లో పట్టేది 7.8 లీటర్లు. లీటరుకి 28 వస్తే 218 కిలోమీటర్లు అనిపిస్తుంది. మొదటి, రెండో గేర్లలో ఇసుకలో పోతుంటే అది 20కి పడిపోవచ్చు, అప్పుడు 156. అందులో లీటరున్నర చేతిలో ఉంచుకుంటే 126. ప్లాన్ ఆ ఆఖరి అంకెతోనే వేసుకోవాలి. అదే బండి ర్యాలీ మోడల్‌లో 12.8 లీటర్లు పడుతుంది, పైన గాలి అడ్డు కూడా ఉంటుంది, బరువూ పెరుగుతుంది.

టైర్లకి ముందు 21, వెనక 18 అంగుళాల స్పోక్ చక్రాలున్న బండే చూడండి. ఆ కొలతలో అసలైన నాబీ టైర్లు (మట్టిని పట్టే పెద్ద గడ్డలున్నవి) ఎన్ని రకాలైనా దొరుకుతాయి. వెనక 17 ఉంటే ఎంపిక బాగా తగ్గిపోతుంది. రోడ్డుకి ఆమోదం ఉన్న నాబీలే వేయాలి, డన్‌లప్ డీ606, పిరెల్లీ ఎంటీ21 అలాంటివి. పోటీలకి మాత్రమే అని రాసున్న టైరు తడి తారు మీద బ్రేకు వేస్తే నిలవదు. గాలి రోడ్డు మీద కంపెనీ చెప్పినంత, మట్టిలో 15-18 పీఎస్ఐ. అంతకంటే దించాలంటే రిమ్ లాక్ (టైరుని రిమ్ముకి నొక్కిపట్టే బిగింపు) ఉండాలి. లేకపోతే టైరు రిమ్ము మీద జారి, ట్యూబుని తనతో లాక్కెళ్లి, వాల్వు మొదట్లో చీల్చేస్తుంది. నట్టు బిగించిన వాల్వు వాలుగా కనిపిస్తే ఆ చీలిక మొదలైనట్టే. అందుకే ఆ నట్టుని రిమ్ముకి బిగించకుండా వాల్వు మూత కింద వదిలేస్తే, వాలడం ముందే కళ్లపడుతుంది.

ఏబీఎస్ ఉన్న బండి అయితే వెనక చక్రానికి ఆపుకునే మీట ఉందో లేదో అడగండి. గులకరాళ్ల దిగుడులో వెనక ఏబీఎస్ బ్రేకుని పదేపదే వదిలేస్తూ బండిని ఆగనివ్వదు. ముందుది మాత్రం ఉండనివ్వాలి.

కాగితాల మీద ఒక్క మాటే, కానీ గట్టిగా. మోటోక్రాస్ (మట్టి ట్రాకు పోటీల) బండికి లైటు, హారను, అద్దాలు తగిలించినంత మాత్రాన అది రోడ్డు బండి అయిపోదు. తయారైనప్పుడే రోడ్డుకి ఆమోదం పొందిందా, ఛాసీ నంబరు మీద రిజిస్ట్రేషన్ ఉందా అన్నది డబ్బు ఇవ్వకముందే చూడాలి. ఫ్రేము తల దగ్గర చెక్కిన నంబరు, కాగితంలోని నంబరు అక్షరం అక్షరం కలవాలి.

వాడిన బండి కొంటుంటే మెరుపు చూసి మోసపోకండి, ప్లాస్టిక్కులన్నీ ఒక పూటలో మార్చేయొచ్చు. ఎయిర్ ఫిల్టర్ విప్పి, దాని వెనక ఇంజిన్ వైపు వెళ్లే రబ్బరు గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకి సన్నటి మట్టి అంటిందంటే ఆ ఇంజిన్ దుమ్ము తిన్నది. ఫోము ఫిల్టరుకి నూనె పట్టించకుండానో, అంచు సరిగ్గా కూర్చోబెట్టకుండానో నడిపిన ఫలితం అది. పిస్టను రింగులు, సిలిండరు గోడ అరిగిపోయి ఉంటాయి. ధర ఎంత తగ్గించినా అలాంటిది వదిలేయడమే మంచిది. గుడ్డ శుభ్రంగా వస్తే మిగతావి చూడండి. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ మెల్లగా తిప్పితే మధ్యలో చిన్న పల్లంలో పడ్డట్టు ఆగితే స్టీరింగ్ బేరింగులు పోయినట్టే. వెనక చక్రం పట్టి పైకి లాగితే టక్కుమని ఆట తెలిస్తే లింకేజీ (వెనక సస్పెన్షన్ కీళ్ల) బేరింగులు పోయినట్టు. నీటి పైపుతో బలంగా కడిగి, ఎప్పుడూ గ్రీజు పెట్టని బళ్లలో ఇవే ముందు పోతాయి. ఒక స్పానరుతో స్పోకులు వరసగా తట్టండి. బిగువైనది ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా మోగుతుంది. ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్టు చేసి వినాలి. అమ్మేవాళ్లు ముందే వేడి చేసి ఉంచితే ఇంకో రోజు రమ్మన్నా వెళ్లండి.

బండి వచ్చాక డబ్బులు సైలెన్సరు మీద పెట్టకండి. మొదట ఇంజిన్ కింద మెటల్ బ్యాష్ ప్లేటు, తర్వాత లోపల అల్యూమినియం కడ్డీ ఉన్న హ్యాండ్‌గార్డులు, రేడియేటరు ఉంటే దానికి గార్డులు, ఆ తర్వాతే టైర్లు, స్ప్రింగు. బ్రేకు, క్లచ్ లీవర్ల క్లాంపుల కింద హ్యాండిల్ చుట్టూ టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చుట్టి, బోల్టులు చేత్తో బలంగా తోస్తే తిరిగేంత వరకే బిగించండి. పడ్డప్పుడు లీవరు విరగకుండా పక్కకి తిరుగుతుంది. సంచిలో ట్యూబు ఒక్కటే పెట్టుకోగలిగితే 21 అంగుళాలది పెట్టుకోండి. అవసరం పడితే వెనక 18 టైరులోనూ మడత పడకుండా సర్ది, గాలి కొట్టి ఇల్లు చేరొచ్చు; 18 ట్యూబు ముందు చక్రంలో పట్టదు.